తిట్టి తీసిన ఫోటోలు

ముందు చప్పుడు వినిపిస్తుంది. కర్ర్... కర్ర్... కర్ర్... బొటనవేలి కింద ప్లాస్టిక్ పళ్లచక్రం తిరిగే చప్పుడు, ఎవరో చీకట్లో వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టు. అది ఆగగానే ఒక తిట్టు. తిట్టు వెనకే టక్. బెంగళూరు అంచున చందాపుర కూడలిలో పొద్దున్నే కంపెనీ బస్సుల కోసం నిలబడే ఆడవాళ్లకు ఈ మూడూ ఇదే వరసలో వినిపిస్తే తల తిప్పి చూసే పని లేదు. సొన్నమ్మ వచ్చింది.

"కాలవ మీద బండ తీసి ఎన్ని దినాలాయ! ఎవురన్నా దీంట్లో పడి సచ్చేదాకా మూయరా మీరు?"

టక్.

సొన్నమ్మకు యాభై దగ్గరపడుతోంది. బక్కపలచని మనిషి. జాకెట్టు చేతికి ఎప్పుడూ ఒక దారప్పోగు అంటుకుని ఉంటుంది. సగం జీవితం దుస్తుల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టింది. అవి ఏ దేశాల్లో, ఎవరి మెడలు చుట్టుకుని తిరుగుతున్నాయో ఆమెకు తెలియదు. ఆనేకల్ పక్క పల్లెలో పుట్టింది. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. తిట్లు మాత్రం కన్నడంలో మొదలై తెలుగులో ముగుస్తాయి. పుట్టింటివాళ్లు ఆమెకు పెట్టిన నగ ఏదైనా ఉంటే అది కోపం. ఎంత కష్టం వచ్చినా దాన్ని తాకట్టు పెట్టలేదు.

కెమెరాను ఇంటికి తెచ్చింది ఆమె భర్త వెంకటగిరియప్ప. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంటుకు తోటమాలి. అక్కడ హర్షిత అనే అమ్మాయి అల్మారా సర్దుకుంటూ, అరచేతిలో పట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ కెమెరా ఒకటి ఆయన చేతిలో పెట్టింది. "అంకుల్, మీ ఇంట్లో పిల్లలుంటే ఇవ్వండి. టాయ్ కెమెరానే, కానీ నిజంగా ఫోటోలు పడతాయి. లోపల రీలు కూడా ఉంది" అంది.

ఆ ఇంట్లో పిల్లలు లేరు.

"ఇంట్లో ఎవురుండారని తెచ్చినావప్పా ఈ బొమ్మ?" అని సొన్నమ్మ ఎగిరింది.

"నువ్వుండావు గదే" అన్నాడు వెంకటగిరియప్ప, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

ఆమె ఆ బొమ్మ కంతలో కన్ను పెట్టి చూసింది. రాగిముద్ద, పళ్లెం, మొగుడు, గోడకున్న చిలుకపచ్చ సున్నం, అన్నీ చిన్నవై ఎక్కడో దూరాన ఉన్నాయి. వేలు దానంతటదే మీట నొక్కింది. టక్.

"ఏదీ ఫోటో?"

"కడగాలంట. రీలంతా అయిపోయినాక."

"అంతవరకూ?"

"అంతవరకూ లోపలుంటుంది."

విత్తనం వేసి పైన మట్టి కప్పినట్టు అనిపించింది సొన్నమ్మకు. ఆ రాత్రి ఆ పసుపు పెట్టెను ఒకటికి రెండుసార్లు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.

ఫ్యాక్టరీలో ప్రతి వరస మీదా పైకప్పుకు ఒక కెమెరా ఉంటుంది. సూపర్‌వైజర్ అప్పుడప్పుడూ పిలిచి తెర మీద చూపిస్తాడు. "చూడమ్మా, నీళ్లకని పోయి ఎంతసేపు నిలబడినావో." తెర మీద నెత్తి మాత్రమే కనిపించే ఒక ఆడమనిషి, కుండ దగ్గర నిలబడి ఉంటుంది. అది తానే. ఏళ్ల తరబడి ఒక కన్ను తనను చూస్తోంది, దాన్ని తిరిగి చూసే వీలు తనకు లేదు. ఇప్పుడు తన గుప్పిట్లో ఒక కన్ను ఉంది. దాన్ని ఎటు తిప్పాలో సొన్నమ్మ ఆలోచించనే లేదు. ఒళ్లు మండిన వైపు తిప్పింది.

ఆపకుండా పోయే బస్సు. మూత లేని కాలవ. ఆడవాళ్లు నడిచే దారికి అడ్డంగా సూపర్‌వైజర్ నిలబెట్టే బండి. బిందెల వరస ముందు ఎండిపోయిన కుళాయి. తిట్టు గాల్లో కలిసిపోతుంది. టక్ మాత్రం పెట్టెలో పడి ఉంటుంది. అదేం మాయో, టక్ అన్నాక కాసేపు ఆమె గొంతులో కూనిరాగం కూడా వినిపించేది. ఆడుకోవడం అనే మాట తన గురించి ఎన్నడూ వాడుకోని మనిషి, ఆదివారం వస్తే చెప్పులేసుకుని మొగుణ్ని లేపేది. "లెయ్యప్పా. యాడన్నా కోపం దొరుకుతుందేమో చూసొస్తాం."

రీలు అయిపోయింది. హర్షిత తన రీళ్లతో పాటు దాన్నీ కడిగించి, ఫోటోలు ఒక కవరులో పెట్టి వెంకటగిరియప్పతో పంపింది. సొన్నమ్మ వాటిని మంచం మీద పరిచింది.

కాలవలో ఆకాశం పారుతోంది. ఆపకుండా పోయే బస్సు, కలలో పరిగెత్తే ఏనుగులా అంచులు కరిగిపోయి ఉంది. నాలుగు మూలలా చీకటి, మధ్యలో దీపం పెట్టినంత వెలుగు. బిందెల వరస పెళ్లికి బయల్దేరినట్టుంది. సూపర్‌వైజర్ బండి మీద కూడా ఎక్కణ్నుంచో ఒక బంగారు గీత వచ్చి వాలింది. ఆ చవక ప్లాస్టిక్ అద్దానికి కోపం అంటనే లేదు.

"దొంగ మొహంది!" సొన్నమ్మ కెమెరాను ఎత్తి పట్టుకుని అరిచింది. "నేను తిట్టినదాన్నంతా ముద్దు పెట్టుకోనొచ్చిండాది!"

వెంకటగిరియప్పకు నవ్వు ఆగలేదు. "పూలు పేడలోనించే గదే వచ్చేది."

"రానీ. పేడనే పూలంటే నేనొప్పుకోను."

కానీ వదిలిపెట్టలేదు. హర్షిత స్నేహితుల దగ్గర గడువు తీరిపోయిన రీళ్లు ఉంటే అడిగి తెప్పించుకుంది. కెమెరాలోకి వెలుగు దూరే సందుకు నల్ల టేపు అంటించింది. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసింది. ఏం చేసినా ఆ పసుపు పెట్టె ప్రపంచాన్ని పాలలో ముంచి తెచ్చేది. ఆమె తిట్టేది, అది ముద్దుచేసేది. దాంతో పోట్లాడటానికే మళ్లీ రీలు ఎక్కించేది. ఇంత ఇష్టంగా ఎవరితోనూ పోట్లాడలేదు.

ఫ్యాక్టరీలో పక్క మిషను చెన్నమ్మది. సొన్నమ్మను అక్కా అని పిలుస్తుంది. కంపెనీ బస్సు సాయంత్రం వాళ్లను హైవేకు అవతలి పక్క దించేసి పోతుంది. ఇవతలికి రావాలంటే రోడ్డు మధ్య గోడలో ఎవరో పగలగొట్టిన సందే దారి. వానలు పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆ సందులోంచి చెన్నమ్మ అడుగు బయటపెట్టింది. ఒక కారు ఆగకుండా వెళ్లిపోయింది. కుడికాలు రెండు చోట్ల విరిగింది. మిషను పెడలు తొక్కే కాలు అది. ఉద్యోగమూ దాంతోనే పోయింది.

గేటు బయట జరిగిందానికి మాకు సంబంధం లేదు అన్నారు ఫ్యాక్టరీలో. అది దాటే చోటు కాదు, ఎవరు దాటమన్నారు అన్నారు రోడ్డు ఆఫీసులో. సొన్నమ్మ రెండు చోట్లా గొంతు పోయేదాకా అరిచింది. మరుసటి సాయంత్రం, చీకటి పూర్తిగా పడకముందు, వానలో తడుస్తూ ఆ సందుకు ఎదురుగా నిలబడింది. కర్ర్... కర్ర్... కర్ర్... టక్.

మధ్యలో తిట్టు లేదు. పక్కనున్న ఆడవాళ్లు మొదటిసారి తల తిప్పి చూశారు.

ఆ రీలు కడిగి వచ్చిన రోజు, కవరులో అన్నిటికన్నా పైన అదే ఫోటో ఉంది. తడిసిన రోడ్డు మీద బంగారు చుక్కలు విచ్చుకున్నాయి. మధ్యలో ఒక చీకటి వాకిలి. ఆ వాకిట్లో ఎవరో ఆడమనిషి, కొంగు గాలికి లేచి, ఎగరబోయే పిట్టలా ఉంది.

"ఎంత బాగుండాది!" అంది సొన్నమ్మ.

అన్నాక అది ఏ చోటో గుర్తుపట్టింది. నాలిక కరుచుకుంది. ఇన్నేళ్లలో ఆమెకు వచ్చిన కోపాలన్నిటికీ బయట ఒక మొహం ఉండేది. దీనికి తన మొహమే ఉంది. ఫోటోను బియ్యం డబ్బా వెనక్కి తోసేసింది. కెమెరాను చాలా రోజులు ముట్టుకోలేదు.

ఒకరోజు హర్షిత ఫోన్ చేసింది. "ఆంటీ, సండే మా గ్రూప్ ఎగ్జిబిషన్ ఉంది, ఇక్కడే కేఫ్‌లో. మీ రీలు నా దగ్గరే ఉంది కదా, అందులోంచి మీ ఫోటో ఒకటి పెద్దగా ప్రింట్ చేయించాం. మెయిన్ వాల్ మీద మీదే!"

"నాదా? ఏ ఫోటో?"

"అదే ఆంటీ, వానలో లైట్లు, మధ్యలో ఒకావిడ. 'వాన సాయంత్రం' అని టైటిల్ పెట్టాం. చూస్తుంటే ఎంత ప్రశాంతంగా ఉందో తెలుసా!"

సొన్నమ్మ ఫోన్ పెట్టేసింది. ఆదివారం చెన్నమ్మను ఆటోలో ఎక్కించుకుని, ఆమె పట్టుకుని నడిచే ఇనుప చట్రాన్ని మొగుడి ఒళ్లో పెట్టి, హెచ్‌ఎస్‌ఆర్‌కు బయల్దేరింది.

కేఫ్ గోడ మీద ఆ ఫోటో కిటికీ అంత ఉంది. కింద నలుగురు కాఫీ కప్పులతో నిలబడి తలలు పక్కకు వాల్చి చూస్తున్నారు. హర్షిత ఎదురొచ్చి చేతులు పట్టుకోబోయింది.

"యాడ పాపా ప్రశాంతం?" సొన్నమ్మ గొంతుకు కాఫీ మిషను కూడా ఆగినట్టయింది. "చూపీ నాకు, యాడుండాది? ఇదో ఈయమ్మ కాలు ఇరిగిన చోటది! రోజూ మేము పానం గుప్పిట్లో పెట్టుకోని దాటే సందది! దానికి వాన సాయంత్రమంట! పేరు పెట్టేదానికి నీ కూతురా అది?"

హర్షిత మొహం పాలిపోయింది. "ఆంటీ... నాకు నిజంగా తెలీదు. సారీ. నేను ముందే మిమ్మల్ని అడిగి ఉండాల్సింది. ఇప్పుడే తీసేస్తాను." చెయ్యి ఫోటో అంచు దాకా పోయింది.

"ఉండు పాపా, తియ్యద్దు." మాట్లాడింది చెన్నమ్మ. తన ఇనుప చట్రానికి ఆనుకుని, కళ్లు చిట్లించి చూస్తోంది. "అక్కా! నా కాలు పోయిన చోటు ఇంత సింగారంగా ఉండాదా? చూస్తా చూస్తా నిలబడిపోయినానేమో, అందుకే కారొచ్చి కొట్టిండాది."

"నవ్వుతావేమే, సిగ్గులేకుండా!"

"నా కాలు, నేను నవ్వుతా. నీకేం?"

సొన్నమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. ఫోటో దించేస్తే ఆ సందును ఇక ఎవరూ చూడరు. ఉంచితే చెన్నమ్మ కాలు మీద బంగారు చుక్కలు చల్లినట్టు అబద్ధమై వేలాడుతుంది.

"కింద రాసి పెడదామా ఆంటీ? జరిగింది జరిగినట్టు?" అని అడిగింది హర్షిత, మెల్లగా.

"రాస్తే ఎవురు చదవతారు? నేనే నిలబడతా."

నిలబడింది. ఫోటోకు కుడిపక్క సొన్నమ్మ. ఎడమపక్క కుర్చీలో చెన్నమ్మ, కాలు చాపుకుని. వచ్చిన ప్రతి మనిషినీ సొన్నమ్మ ముందు చూడనిచ్చేది. నోటి వెంట ఆ 'వావ్' వచ్చేదాకా ఓపిగ్గా ఆగేది. అప్పుడు అందుకునేది.

"బాగుండాదా? నాకూ బాగుండాది. ఇప్పుడు విను."

తెలుగు రానివాళ్లకు కన్నడంలో. రెండూ రానివాళ్లకు హర్షిత పక్కన నిలబడి ఇంగ్లీషులో, తిట్లు వదిలేయకుండా. కొందరు కాఫీ కప్పు కింద పెట్టేశారు. కొందరు జారుకున్నారు. ఒకతను, "ఆంటీ, సండే పూట ఇక్కడెందుకు గలాటా?" అన్నాడు. ఆ రోజు తిట్లలో పెద్ద వాటా అతనికే దక్కింది. "నీకు ఆదివారమయ్యా! ఆ సందుకు ఆదివారముండాదా?" ఇంకొకామె మాత్రం వెళ్లలేదు. ఆ చోటు సరిగ్గా ఎక్కడో అడిగి, చెన్నమ్మ పక్కన నేల మీద కూర్చుంది. సాయంత్రానికి సొన్నమ్మ గొంతు పూర్తిగా బొంగురుపోయింది. వెంకటగిరియప్ప మొక్కలకు పోసినట్టు ఆమెకు నీళ్లందిస్తూనే ఉన్నాడు.

ఆ సందు ఇంకా అలాగే ఉంది. దాటేవాళ్లు దాటుతూనే ఉన్నారు. చెన్నమ్మ ఇంటి దగ్గర జాకెట్లకు హుక్కులు కుడుతోంది. కెమెరా మళ్లీ సొన్నమ్మ గుప్పిట్లోకి వచ్చింది. మొన్న పొద్దున చందాపుర కూడలిలో, తన గురించి రాయడానికి హర్షిత పంపగా వచ్చిన మనిషితో బస్సు వచ్చేదాకా మాట్లాడింది. బస్సు ఆమెను దాటి కొంచెం ముందుకెళ్లి ఆగింది. ఒక తిట్టు, ఒక టక్. పరిగెత్తి మెట్టు మీద కాలుపెట్టి ఆ రాసే మనిషి వైపు తిరిగింది.

"నువ్వు శానా అందంగా రాస్తావంట గదా, ఆ పాప చెప్పింది. రాసుకో, వద్దనను. రాసినాక యాడ పెడతావో మాత్రం చెప్పు. నేనొచ్చి దాని పక్కన నిలబడాల."