కారం గిర్నికి ఐలవ్వత్త పూచీ

మా ఐలవ్వత్త ఎవరినీ మామూలుగా దీవించి ఎరగదు. పదిమంది పిల్లల తల్లివి కావాలని ఊళ్లో ఆడవాళ్లంతా అంటారే, ఆ మాట ఆమెకు అసలు గిట్టదు. "పదిమంది పిల్లలంటరు, ఆ పదిమందికి నీళ్లెవరు మొయ్యాలె?" అని ఎదురడుగుతుంది. ఆమె దీవించిందంటే అందులో ఒక యంత్రం ఉండి తీరాలి. అదీ ఇంకా పుట్టని యంత్రం.

ఐలవ్వత్త మా బాపుకు అక్క. కొండగట్టు కింద మా ఊళ్లో పుట్టి, బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మొండయ్య మామను పెళ్లాడింది. బాయిలో ఊరే నీళ్లను పైకి తోడిపోసే పంపు దగ్గర మామకు డ్యూటీ. కొత్త కాపురంలో ఆయన ఆ పంపు గొప్పలు చెబుతుంటే ఇంకొకరైతే నోరు తెరుచుకొని వినేవాళ్లు. ఈమెకు మాత్రం ఒళ్లు మండింది.

"లోపటి నీళ్లు తోడి వాగుల పారబోసెతందుకు యంత్రమున్నది. నేనేమో బిందె పట్టుకొని గంత దూరం పోతున్న. పారబోసెతందుకు వచ్చిన యంత్రం తాగెతందుకు రాదా?" అని నిలదీసింది.

మామ దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గర ఎప్పుడూ జవాబు ఉండదు. "మా అక్కను చేసుకోవడానికి అదొక్కటే కావలసిన అర్హత" అని బాపు నవ్వేవాడు.

ఆ రోజు నుంచి ఆమెకు ఒక నమ్మకం కుదిరింది. బొగ్గు కోసం పుట్టిన యంత్రం ఏదైనా సరే, ఇవాళ కాకపోతే రేపు ఆడవాళ్ల పొయ్యి దగ్గరికి వస్తుంది. బాయిలోకి గాలి పంపే పంకా ఉంది కదా, అది వంటింటి పొగను బయటికి లాగేస్తుంది. తాడు కట్టి బొగ్గు తొట్లను గుంజే ఇంజను ఉంది కదా, అది ముసలివాళ్లను కూర్చోబెట్టి కొండగట్టు పైకి గుంజి అంజన్న ముందు దించుతుంది. చీపురుకు కాళ్లొచ్చి దానంతటదే ఇల్లు ఊడుస్తుందని కూడా అనేది. ఇది బాయిలో ఎక్కడుందని మామను అడిగితే ఆయన తల గోక్కున్నాడు.

ఊరు ఊరుకుంటుందా? "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఏడిపించేవాళ్లు. అయినా అత్తారింటికి పోయే ప్రతి పిల్లా తనకు ఐలవ్వే ఒడిబియ్యం పోయాలని పట్టుబట్టేది. మిగతా ముత్తైదువలు పోస్తుంటే ఏడుపొస్తుంది. ఈమె పోస్తుంటే నవ్వొస్తుంది. అత్తారింటికి నవ్వుతూ పోవడం ఎంత గొప్ప సంగతో పోయినవాళ్లకే తెలుసు.

నా పెళ్లి పంతొమ్మిదివందల యాభై ఏడు ఎండాకాలంలో అయింది. ఖానాపూర్ సంబంధం. సాగనంపే వేళకు నన్ను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒడిలో పోశారు. మా దిక్కు పుట్టిల్లు ఆడపిల్లకు ఇచ్చే అన్నిటిలోకీ పెద్దది ఆ బియ్యమే. పెళ్లయ్యాక కూడా అన్నదమ్ములు కొన్నేళ్లకోసారి పిలిచి పోస్తారు. అత్తారింట్లో వండి పదిమందికి పెట్టాలి. ఒకసారి ఒడిలో పడ్డాక ఒలకబోస్తే రెండిళ్లకూ కీడు.

చివరగా ఐలవ్వత్త దోసిళ్లు నింపుకొని వచ్చింది. "బాలలచ్చిమీ, నీళ్లు నీ పొయ్యి కాడికే నడిచొస్తయి బిడ్డ. పొగ నీ కండ్ల జోలికి రాదు. నీ ఇంట్ల రోకలి మూలకు పడతది. నువ్వు పీటేసుకొని కూసుంటే పనులు వాటంతటవే అయితయి" అని పోసింది. నేను నవ్వాను. పందిరంతా నవ్వింది.

కచ్చురం బండి ఎక్కబోతున్న మా అత్త గంగుబాయి మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగింది.

"ఏమన్నవు బాయీ? కూసుంటదా? నా ఇంటికి కోడలు కూసునెతందుకు వస్తుందా?" అని గట్టిగా అడిగింది. "కూట్ల రాయి తియ్యనోడు ఏట్ల రాయి తీస్తడా? ఇయ్యాల్టి దాక నా బువ్వల రాయి ఏరిన యంత్రం లేదు, రేపు రోకలి దంచుతదట! గీ దీవెన పడ్డ బియ్యం నా ఇంట్ల ఉడకది. ఆ బియ్యం ఈడనే దింపి రమ్మను పిల్లను."

దింపితే కీడు, దింపకపోతే బండి కదలదు. ఒడి రెండు చేతులా పట్టుకొని మధ్యలో నిలబడిపోయాను. నన్ను కన్న అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వించడానికి వచ్చిన ఐలవ్వత్త నా కాపురాన్ని గడప దాటకముందే ముంచిందని ఆ క్షణంలో ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఐలవ్వత్త గంగుబాయి చేతులు చూస్తోంది. అరచేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి, అక్కడక్కడ తోలు లేచింది.

"పెండ్లి కారం నువ్వే కొట్టినవా అక్కా?" అని అడిగింది.

గంగుబాయి చేతులు కొంగులో దాచుకుంది. "నేను గాక ఎవరు కొడతరు?"

"నీకు ఒడిబియ్యం పోసి ఎన్నేండ్లాయె?"

ఆ మాటకు గంగుబాయి దగ్గర కోపం తప్ప మరేదీ సిద్ధంగా లేదు, ఆ కోపం కూడా ఎటో పోయింది. జవాబు ఆమె పెనిమిటి, మా మామ చెప్పాడు. "పెన్‌గంగ అవతల ఆమె అన్న ఒక్కడుండె. ఆయన పోయిండు. ఆ ఇంటికి తాళం పడ్డది. ఇగ ఎవరు పోస్తరమ్మా?"

ఐలవ్వత్త మా బాపును చెయ్యి పట్టి ముందుకు లాగింది. "నా తమ్ముని బిడ్డ నీకు కోడలాయె. అంటే వీడు నీకు తమ్ముడైండు. వీడు నీకు తమ్ముడైతే నువ్వు నేను అక్కచెల్లెండ్లమే గదా? పీట మీద కూసో అక్కా. ఒడి పట్టు."

గంగుబాయి అటూ ఇటూ చూసింది. కూర్చుంది. కమిలిన ఆ చేతులతో కొంగు పరుస్తుంటే చూసి, నా కోపం కూడా పోయింది.

"నువ్వే చెప్పు, నీకేం యంత్రం గావాలె?" అంది ఐలవ్వత్త, దోసిట్లో బియ్యంతో.

గంగుబాయి గొంతు తగ్గించి అడిగింది. "కారం కొట్టే యంత్రం వస్తదా?"

"రోకలి నొప్పికా?"

"రోకలికి నాకేం ఫికర్ లేదు. గీ చేతులకు. కారం కొట్టే దినాలల్ల పిల్లలను ముట్టుకోను. పెద్దోడు పసిగున్నప్పుడు కంట్ల నలుసు పడ్డదని తుడిచిన. పొద్దుందాక ఏడ్చిండు."

ఆ పెద్దోడు బాసికం కట్టుకొని నా పక్కనే నిలబడి ఉన్నాడు. తల వంచుకున్నాడు.

"వస్తది" అంది ఐలవ్వత్త.

"రాకుంటే?"

"వచ్చెదాక ప్రతి ఎండకాలం నేనొచ్చి నీతోని కారం కొడుత. గిదే నా జమానతు, నా పూచీ." అని బియ్యం పోసేసింది. గంగుబాయి ఒడి మూటకట్టుకొని, కళ్లు తుడుచుకొని, "ఇంకా ఏం చూస్తున్రు? బండి కట్టుండ్రి" అని అందరి మీదా ఒకేసారి కేకలేసింది. అయిదు నిమిషాల కింద బండి ఆపింది తను కాదన్నట్టు!

ఐలవ్వత్త మాట మీద నిలబడింది. ప్రతి ఎండాకాలం బెల్లంపల్లిలో బస్సెక్కి, లక్షెట్టిపేటలో మారి, భుజాన తన సొంత రోకలితో ఖానాపూర్‌లో దిగేది. రోకలికి టికెట్టు తీసుకోవాలని కండక్టరు, తీసుకోనని ఈమె. "టికెట్లు కొట్టే యంత్రం వస్తది తియ్యి, అప్పుడు నీ నోరు మూత పడతది" అని అతన్ని కూడా దీవించే దిగేది.

ముక్కులకు గుడ్డలు కట్టుకొని ఇద్దరూ రోటికి చెరో పక్క నిలబడేవాళ్లు. ఒక రోకలి లేస్తుంటే ఒకటి పడేది. ఆ పోటు కంటే ముచ్చట్ల పోటు ఎక్కువ. "ఏదే నీ యంత్రం? తొవ్వ మర్చిపోయిందా?" అని మా అత్త దెప్పడం, "నడిచొస్తుంది, జర ఓపిక పట్టు" అని ఈమె అనడం. దగ్గులు, తుమ్ములు, మధ్యలో నవ్వులు. మామ ఆ దినాల్లో చేను విడిచి ఇంటికి వచ్చేవాడు కాదు. నన్ను మాత్రం రోటి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు, నా పిల్లను ఎత్తుకోవడానికి ఒక్కరి చేతులైనా మండకుండా ఉండాలని. ఇద్దరత్తల మధ్య కోడలు నలిగిపోతుందంటారు. నేను పీటేసుకొని కూర్చున్నాను. ఐలవ్వత్త దీవెన మొదట ఫలించింది అలాగే.

పోయిన ఎండాకాలం ఖానాపూర్‌కు నిజంగానే కారం పట్టే గిర్ని వచ్చింది. బస్సులు ఆగే చోటు పక్కనే షెడ్డు, డీజిలు ఇంజను. మొదటి రోజు బస్సు దిగినవాళ్లంతా తుమ్ముకుంటూ ఊళ్లోకొచ్చారు. మా అత్త మిరపకాయల సంచి నెత్తిన పెట్టుకొని వెళ్లి, ఎర్రని మెత్తని కారంతో తిరిగొచ్చింది. వచ్చీరాగానే అరచేతులు ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంది. నా బిడ్డ నర్మదను ఎత్తుకొని రెండు బుగ్గలూ నిమిరింది. ఇల్లంతా తిరుగుతూ నవ్వింది. సాయంత్రానికి మాత్రం ముఖం వేలాడేసుకొని గడప మీద కూర్చుంది.

"ఏమైంది అత్తమ్మా?" అని అడిగాను.

"గీ ముచ్చట బెల్లంపల్లికి తెల్వద్దు."

"ఎందుకు?"

"తెలిస్తే ఇగ ఎందుకొస్తది?"

అప్పటినుంచి మా ఇంట్లో పెద్ద కుట్ర నడిచింది. గిర్ని కారం వడ్ల గుమ్మిలో దాక్కుంది. రోలు కడిగి, దానిముందు మిరపకాయల కుప్ప పోశారు. గిర్ని ముందు బస్సు దిగితే గుట్టు రట్టవుతుందని, మా ఆయన బండి కట్టుకొని ముందే ఊరి బయటి వాగు దగ్గరికి పోయి, రోడ్డు బాగా లేదని చెప్పి ఐలవ్వత్తను అక్కడే దింపుకొచ్చాడు. ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు చెవులకు కూడా తలగుడ్డ చుట్టుకున్నాడు, అంత ఎండలో.

ఐలవ్వత్త రోకలితో వాకిట్లోకి వచ్చేసరికి మా అత్త ముక్కుకు గుడ్డ కట్టుకొని, చీర మీద గరిటెతో ఇంత కారం చల్లుకొని ఖాళీ రోటిని దంచుతోంది. "ఎప్పుడొస్తవే చెల్లె! పొద్దటి సంది కొడుతున్న, చేతులు మంటలు మండుతున్నయి" అంది. నేను తల వంచుకొని చేటలో బియ్యం ఏరుతున్నట్టు కూర్చున్నాను. తలెత్తితే నవ్వేస్తాను.

ఐలవ్వత్త కొంగు నడుముకు చుట్టింది. ఇంతలో నర్మద వీధిలోంచి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. కంట్లో దుమ్ము పడింది. తిన్నగా నాయనమ్మ దగ్గరికే పోయింది. మా అత్త రోకలి వదిలేసి, పిల్ల గడ్డం పట్టుకొని, ఉత్త బొటనవేలితో కన్ను తుడిచింది. నర్మద రెండుసార్లు కన్ను మూసి తెరిచి, ఏడుపు మాని, వచ్చిన దారినే ఆటకు పోయింది.

మా అత్త బొటనవేలు గాలిలోనే ఆగిపోయింది. ఐలవ్వత్త ఆ వేలును చూసింది. పిల్ల పోయిన దిక్కు చూసింది.

"ఎప్పుడొచ్చింది?" అంది.

"ఏంది?"

"అక్కా!"

"ఉగాది అయినంక" అంది మా అత్త నేల చూపులు చూస్తూ.

ఐలవ్వత్త ఒక్క అరుపు అరిచింది. "వచ్చిందా! నేను చెప్పలేదా?" అని మా అత్త రెండు చేతులు పట్టుకొని చెంపలకు అద్దుకుంది. నవ్వింది, కళ్లనీళ్లు పెట్టుకుంది, మళ్లీ నవ్వింది. తర్వాత రోటి అంచున మెల్లగా కూలబడింది. అప్పటికి అర్థమైనట్టుంది, నెగ్గిన పూచీ తనకు ఇక ఈ వాకిలికి వచ్చే పని లేకుండా చేసిందని. తెచ్చిన రోకలిని ఒళ్లో పెట్టుకొని నిమిరింది.

"ఇంకోటి చెప్పక్కా" అంది. "ఇంకేం యంత్రం గావాలె నీకు?"

మా అత్త వాకిలంతా వెతికింది. చేదబాయి, పొయ్యి, చీపురు, ఒక్కొక్క దాని దగ్గరా ఆగి, ఇది వచ్చేస్తుందేమోనని భయపడినట్టు వదిలేసింది. చివరకు చూపు నా చేట మీద నిలిచింది.

"బువ్వల రాళ్లు ఏరే యంత్రం" అంది. "వచ్చెదాక జమానతు నీదే."

ఐలవ్వత్త చేటవైపు చూసి ఆలోచించింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏ యంత్రం గురించి అడిగినా ఆమె నోట ఒక్కటే మాట విన్నాను, వస్తదని. చీపురుకు కాళ్లు కూడా వస్తాయనే చెప్పింది.

"గది రాదక్కా" అంది. "రాయికి, గింజకు తేడా పట్టే సూపు యంత్రానికి ఎక్కడిది? గది ఎన్నటికి రాదు."

మా అత్త ముఖం విప్పారింది. ఇద్దరూ నా చేతిలోంచి చేట లాక్కొని, రోటి పక్కన కాళ్లు చాపుకొని కూర్చొని, తలలు దగ్గరగా వంచి ఒక్కొక్క గింజే చూస్తూ రాళ్లు వెతికారు. వంట ఆలస్యమవుతోందని మామ వచ్చి రెండుసార్లు దగ్గి పోయాడు.

ఆ బియ్యం నేను పొద్దున్నే శుభ్రంగా ఏరిపెట్టాను. వాళ్లకు మాత్రం చెప్పలేదు.