మూడో వంతు ఆవు

1951లో నేను వికారాబాదు పక్క కొండ మీద క్షయ ఆసుపత్రిలో నర్సుగా చేరాను. అప్పటికి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు కొత్తగా వస్తున్నాయి. అంతకుముందు నుంచీ ఉన్న వైద్యం మాత్రం మూడే మాటలు: గాలి, విశ్రాంతి, బలమైన తిండి. రోగుల్ని నెలల తరబడి వరండాల్లో మంచాల మీద పడుకోబెట్టేవాళ్లం. దీన్నే బెడ్ రెస్ట్ అనేవాళ్లం. చెప్పుకోవడానికి విశ్రాంతే గానీ, ఏ పనీ లేకుండా చావు గురించి ఆలోచిస్తూ పడుకోవడం అంత కష్టం మరొకటి లేదు.

మగవాళ్ల వార్డు వరండా చివర మూడు మంచాలు పక్కపక్కనే ఉండేవి. ఒకదాని మీద బషీరాబాద్ వైపు రైతు మల్లారెడ్డి. మధ్యలో ధారూర్ దగ్గర రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసిన నర్సయ్య. అటు చివర తాండూరు నాపరాళ్ల గనిలో బండలు కొట్టిన ఖాజామియా. ఇంటి దగ్గరైతే ఈ ముగ్గురూ ఒక అరుగు మీద కూర్చునేవాళ్లు కారేమో. ఇక్కడ ఒకడు దగ్గితే మిగతా ఇద్దరూ లేచి కూర్చునేవారు.

ఆవును కొనాలన్న ఆలోచన మల్లారెడ్డిది. ఆసుపత్రిలో ఇచ్చే పాలు సరిపోవని, బయట కొంటే సగం నీళ్లేనని అతని బాధ. "ముగ్గురం గల్సి ఒక ఆవును కొందం. కొండ కింద ఊర్ల ఉండే బాలమ్మ మేపి, పిండి, తెచ్చిస్తది," అన్నాడు. ఖర్చు తనే ఎక్కువ పెట్టుకుంటానంటే నర్సయ్య ఒప్పుకోలేదు.

"నాది గూడ మూడో వంతే ఉండాలె పటేలా. దానం పాలు నాకద్దు."

అతని భార్య లచ్చవ్వ తన వెండి కడియాలు అమ్మింది. మల్లారెడ్డి తమ్ముడు బషీరాబాద్ సంతలో కపిల రంగు ఆవును కొని తోలుకొచ్చాడు. అది కన్నడ దేశపు ఆవు. తెలుగులో పిలిస్తే చెవి కూడా కదిపేది కాదు. బాలమ్మ కన్నడంలో 'బా, బా' అని పిలవడం నేర్చుకున్నాక గానీ దారికి రాలేదు. ఆ కబురు విని ముగ్గురూ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంటే నేను కసరాల్సి వచ్చింది. పాలు బాగా కాగనిదే తాగనిచ్చేదాన్ని కాదు. మూడు ఇత్తడి గ్లాసుల్లో సమంగా పోయడం ఖాజామియా పని. పోశాక వంగి, మూడు అంచులూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో చూసేవాడు.

వానలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున నేను జ్వరం చూస్తుండగా నర్సయ్యకు నోటి నుంచి రక్తం పడింది. ఊపిరితిత్తుల్లోంచి అలా రక్తం రావడాన్ని హెమాప్టిసిస్ అంటాం. కొన్నిసార్లు ఆగుతుంది. అతనికి ఆగలేదు. తల పట్టుకుని పక్కకు వంచడం తప్ప నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

లచ్చవ్వ వచ్చింది. ఏడుపు తగ్గాక మల్లారెడ్డి ఆమెతో, "చెల్లె, ఆవుల మూడో వంతు నీది. ఏం జెయ్యాల్నో చెప్పు," అన్నాడు.

"మూడో వంతు ఆవును ఏ కాలు వట్టి గుంజుకపోదునే అన్నా? ఆయన పాలు మీరే తాగుండ్రి. మీరన్న మంచిగై కొండ దిగుండ్రి."

ఆ తర్వాత పాలు రెండు గ్లాసుల్లో పోసుకునేవారు. కొన్నాళ్లకు నాకొకటి అర్థమైంది. మల్లారెడ్డి బరువు పెరుగుతున్నాడు. ఖాజామియా తగ్గిపోతున్నాడు. బాలమ్మను అడిగితే చెప్పింది: మల్లారెడ్డి నిద్రపోయినప్పుడు ఖాజామియా తన పాలు కూడా అతని గ్లాసులోనే పోసేస్తున్నాడట.

నాకు కోపం వచ్చింది. పక్కకు పిలిచి అడిగాను.

"నాకు రెండు దిక్కుల ఖరాబైంది సిస్టరమ్మా. డాక్టర్ సాబు ఎక్స్‌రే ఫోటో చూసుకుంట మొఖం తిప్పుకున్నడు, నేను చూసిన. పటేలుకు ఒక్క దిక్కే. ముగ్గురం ఇంతింత తాగి ముగ్గురం సచ్చుడెందుకు? ఒక్కడన్న పూరాగ తాగి బతకాలె."

"పాలతో బతకడం, పాలు లేక చావడం ఉండదు ఖాజామియా. ఇంజెక్షన్లు పని చేయాలి. కానీ తినకపోతే అవీ పని చేయవు," అన్నాను. డాక్టరుగారికి చెప్పాను. ఆయన మంచం పక్కన కూర్చుని, బతిమాలి, తన ఎదుటే తాగించారు. ఆ రోజు నుంచి నేనూ దగ్గర నిలబడి తాగించాను. తాగాడు, పాపం. కానీ ఎక్స్‌రేలో అతని ఊపిరితిత్తుల నిండా కేవిటీలే, అంటే జబ్బు తొలిచిన గుంతలు. చలికాలంలో, ఎండ వరండాలోకి వచ్చే వేళ పోయాడు. ఖాజామియా తన వంతు పాలు కూడా తనకే పోసిన సంగతి ఎలాగో మల్లారెడ్డికి తెలిసిపోయింది. అతను ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వేసవికి అతనికి పూర్తిగా నయమైంది. ఖాజామియా భార్యను అడిగి, ఆమె సరేనన్నాక ఆవును ధారూర్ తోలించి లచ్చవ్వకు అప్పగించాడు. మర్నాడు కొండ దిగాడు.

ఏడాది తర్వాత పరీక్షకు వచ్చాడు. ఎక్స్‌రేలో మచ్చ మానింది. డాక్టరుగారు భుజం తట్టి పంపించారు. అతను నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, గా పాలతోనేనా నేను బతికింది?"

"కాదు. ఇంజెక్షన్లతో."

"ఆళ్లకు గూడ గవే ఇంజెక్షన్లు ఇచ్చిండ్రు గద."

"వాళ్ల జబ్బు ముదిరింది మల్లారెడ్డీ. నీది ఒక పక్కే ఉండింది."

"ఇంట్ల బర్లున్నయి, ఆవులున్నయి. పిల్లలు తాగుతరు. నాకు మాత్రం గొంతు దిగుతలేదు," అని వెళ్లిపోయాడు. నేను చెప్పింది నిజమే. అతను నమ్మలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ కొండ మీదే పనిచేశాను. పోయేవాళ్ల దగ్గర ఎలా ఉండాలో నాకు చదువులోనే నేర్పారు. బతికి ఇంటికి పోయేవాళ్ల దగ్గర కూడా కాసేపు కూర్చోవాలని మల్లారెడ్డిని చూశాకే తెలిసింది. బట్టలు మూట కట్టుకుని సంతోషంగా బయల్దేరిన మనిషిని కూర్చోబెట్టి, పక్క మంచాల మీద ఎవరెవరు ఉండేవారో అడిగేదాన్ని. చాలామంది అక్కడే ఏడ్చేవారు. ఏడవనివాళ్ల గురించే నాకు భయంగా ఉండేది.