నాయన పేరు తీసేసిన కరపత్రం

డిగ్రీ పాసయ్యానని తెలిసిన రోజు, కళ్యాణదుర్గం నుంచి మా ఊరికి వచ్చే బస్సులో ఆ సంగతి వినని మనిషి లేడు. కండక్టరుకి చెప్పాను. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్న ఇద్దరు టీచర్లకి చెప్పాను. నా పక్కన కోడిపుంజును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలాయనకి కూడా చెప్పాను.

"పాసయితే ఏమిస్తారు పాపా?" అని అడిగాడాయన.

"ఏమీ ఇవ్వరు తాతా. పేరు పక్కన బి.కాం. అని రాసుకోవచ్చు."

ఆయన కాసేపు ఆలోచించి, "రాసుకో మరి" అన్నాడు.

రాసుకున్నాను. మా ఇంట్లో నాకంటే ముందు పదో తరగతి దాటినవాళ్ళు లేరు. నాయన కూలి పనికి పోయేవాడు. రాత్రిబడిలో సంతకం వరకూ నేర్చుకుని, ఆ తర్వాత బడే మూతపడితే అక్కడే ఆగిపోయాడు. తన పేరు ఎక్కడున్నా గుర్తుపట్టేవాడు. మిగతా అక్షరాలు ఆయనకి గోడ మీద బొమ్మలే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. డిగ్రీ చదువుతూనే నేను కళ్యాణదుర్గంలో ఒక డి.టి.పి. సెంటర్లో పని చేశాను. ఆ సెంటరు నడవక మూసేస్తూ, ఓనరు నాకు రావాల్సిన జీతానికి బదులు ఒక పాత కంప్యూటరు, ఒక ఇంకు ప్రింటరు ఇచ్చేశాడు. వాటిని గోనెసంచుల్లో వేరుశనగ పొట్టు కూరి, మధ్యలో పెట్టి, బస్సు టాపు మీద తెచ్చాం. ఊరి బయట కాలనీలో మా ఒంటిగది ఇంట్లో, స్కూలువాళ్ళు పారేసిన బెంచీ మీద అది కూర్చుంది. అమ్మ దాని మీద పాత చీర కప్పింది. మా వైపు గాలి మొదలైతే దుమ్ము అన్నంలో కూడా పడుతుంది. ఆ దుమ్ముకి ప్రింటరు ఒక కాగితం లాగాల్సిన చోట రెండు లాగేది. అందుకని అమ్మ ప్రతిసారీ కాగితాల కట్టను తీసి, అంచులు విదిలించి, ఊది, మళ్ళీ పెట్టేది.

ఆ ప్రింటరు మా ఇంట్లో అచ్చు వేసిన మొదటి కాగితం మీద నా పేరు, పక్కన బి.కాం. అని ఉంది. పెద్ద అక్షరాలు. దాన్ని తలుపుకి అతికించాను. మర్నాడు పక్కింటి మేక వచ్చి బి.కాం. వరకు తినేసి, పేరు వదిలేసి పోయింది.

"మేకకీ తెల్సుమే, యాది రుచిగా ఉంటాదో" అంది అమ్మ.

కాలనీవాళ్ళు అర్జీలు, దరఖాస్తులు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరివి టైపు చేసి పంపించేదాన్ని. తెర మీద కింద మూల, గడియారం పక్కన, చిన్న ప్రింటరు బొమ్మ కనిపించేది. దాని మీద నొక్కితే వరుస తెరుచుకునేది. ఎవరిది అచ్చవుతోంది, దాని వెనక ఎవరిది ఉంది, ఆ వెనక ఎవరిది, అంతా అందులో కనిపించేది. ముందు పంపినది ముందు. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది. మా ఊరి బోరింగు దగ్గర అలా ఉండేది కాదు. మా కాలనీ బిందెలు ఎంత పొద్దున వచ్చినా, పెద్దవీధి బిందెలు నిండేదాకా పక్కన కూర్చోవాల్సిందే.

ఆ బోరింగు కూడా ఎండిపోయాక ట్యాంకర్లు మొదలయ్యాయి. ట్యాంకరు పెద్దవీధిలోనే ఖాళీ అయ్యేది. ఒక ఎండాకాలం మా నాయన కాలనీ ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని పోయి, కంబదూరు రోడ్డుకి అడ్డంగా ఖాళీ బిందెలు పెట్టించి, తను మధ్యలో కూర్చున్నాడు. బస్సు ఆగింది. దాని వెనక లారీలు ఆగాయి. పోలీసులు వచ్చి లెమ్మన్నా లేవలేదు. సాయంత్రం మండలాఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చి, రాసుకుని పోయాడు. మరుసటి ఎండాకాలం కూడా అలాగే కూర్చుంటే, అప్పుడు ఊరికి నీళ్ళ ట్యాంకు మంజూరయ్యింది. పైపుల కోసం గుంత తవ్విన కూలీల్లో కూడా నాయన ఉన్నాడు.

ట్యాంకు ప్రారంభానికి కరపత్రాలు కావాల్సి వచ్చాయి. పెళ్ళిళ్ళ సీజను కావడంతో కళ్యాణదుర్గం ప్రెస్సులవాళ్ళు కుదరదన్నారు. అందుకని సర్పంచు కొడుకు మోటారుసైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. మా వాకిట్లో ఆ బండి ఆగడం అదే మొదటిసారి.

"నీ తాన మిషన్ ఉండాదంట కదా పాపా. ఇది కొంచెం నీట్‌గా ఏసియ్యి" అని చేత్తో రాసిన కాగితం ఇచ్చాడు. బండి ఎక్కుతూ, "ఎవరి పేరన్నా మర్సిపోయింటే నువ్వే ఏసెయ్. డిగ్రీ సదివినదానివి, నీకు తెలీదా" అన్నాడు.

మా వైపు ఎవరైనా అన్నం తింటున్నప్పుడు వాకిట్లో మనిషి కనిపిస్తే, రా తిందువు గానీ అంటారు. ఇప్పుడే తిన్నానని చెప్పి ఇవతలికి రావాలి. నిజంగా పోయి కూర్చోకూడదు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది అన్నానికే అనుకున్నాను. కాగితానికి కూడా అని ఎవరూ చెప్పలేదు.

ఆ కాగితంలో, ట్యాంకు కోసం కృషి చేసిన పెద్దలు అని రాసి, కింద పేర్లు ఉన్నాయి. సర్పంచు, ఆయన తమ్ముడు, బావమరిది, మరికొందరు. అందరి పేర్ల పక్కన గారు. అవన్నీ టైపు చేసి, చివర నాయన పేరు చేర్చాను. అదే సైజు, అదే లావు, పక్కన గారు. దాని కింద, అందరూ ఆహ్వానితులే, అన్న ముగింపు వరుస.

నాయన్ని పిలిచి చూపించాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, తెర ముందు వంగాడు.

"ఇది నాదే కదా?"

"నీదే నాయనా."

"ఈ పక్కన ఉండేదేంది?"

"గారు."

"నాకు గారు ఏంటికి పాపా?"

"అందరికీ ఉంది కదా."

"అట్లనా. అయితే ఉండనీలే" అన్నాడు. ఇంకొంచెం సేపు వంగే ఉన్నాడు. తర్వాత వాకిట్లోకి పోయి, "మే, యాడున్నావు, లోపలికొచ్చి సూడు" అని అమ్మను కేకేశాడు.

ఒక కాగితానికి రెండు కరపత్రాలు పొడుగ్గా, పక్కపక్కన వచ్చేట్టు పెట్టి, వంద కాగితాలకి ప్రింటు పంపించాను. ఒకదాని తర్వాత ఒకటి రావడం మొదలయ్యింది. పది పదిహేను వచ్చాయో లేదో, కరెంటు పోయింది.

కరెంటు లేని ఆ మధ్యాహ్నమే సర్పంచు కొడుకు మళ్ళీ వచ్చాడు. వచ్చినంతవరకు చూపించమన్నాడు. ఇచ్చాను. నవ్వుతూనే ఇచ్చాను. ఆయన చదువుతూ చదువుతూ ఆగాడు.

"ఇదెవరు?"

"మా నాయన అన్నా."

"అది తెలుసు. ఈడికేంటికి వచ్చినాడు అంటాండా."

"మర్చిపోయి ఉంటే వేయమన్నారు కదన్నా."

ఆయనకి నవ్వొచ్చింది. కోపం వచ్చి ఉంటే నాకు ఇంకొంచెం బాగుండేదేమో. "ఏమప్పా ఇది! ఏసెయ్ అంటే ఏసేసేదేనా? మా సిన్నాయన పేరు మర్సిపోయింటా, మామ పేరు మర్సిపోయింటా. అట్లాంటివి పాపా నేను సెప్పింది."

"రోడ్డు మీద బిందెలు పెట్టి బస్సు ఆపింది మా నాయనే కదన్నా. దానివల్లనే కదా ఆఫీసరు వచ్చింది."

"ఆపినాడు. ఎవరు కాదన్నారు? అట్ల అందరివీ ఏస్కుంటా పోతే, ఆ బస్సు డ్రైవరు పేరు గూడా ఏయల్ల."

నాయన వాకిట్లో రాయి మీద కూర్చుని వింటున్నాడు. సర్పంచు కొడుకు వయసులో నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, అంతే. ఆయన గుమ్మం వైపు తిరిగి నాయన్ని పేరు పెట్టి పిలిచాడు. గారు లేదు, రా ఉంది.

"ఏమిరా, నీ కూతురు నిన్ను పెద్దమనిషిని చేసేసిందే. సూసుకున్నావా?"

నాయన లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు చేతికి వచ్చింది. పోలీసులు లెమ్మంటే లేవని మనిషి.

"తెలీక ఏసింటాది సామీ. సిన్నపిల్ల." నా వైపు చూడకుండానే, "తీసెయ్ పాపా" అన్నాడు.

"నాయనా..."

"తీసెయ్ అంటాండా కదా."

"కరెంటు లేదు" అన్నాను. అది ఒక్కటే నా చేతిలో ఉన్న జవాబు.

కరెంటు వచ్చేదాకా సర్పంచు కొడుకు మా ఇంట్లోనే కూర్చున్నాడు. అమ్మ చెంబుతో నీళ్ళు ఇవ్వబోయింది. వద్దులే అన్నాడు. అమ్మకి అర్థమై, అంగడికి పోయి మూత తీయని సోడా సీసా తెచ్చింది. అది తాగాడు. ఒళ్ళో నీళ్ళ ట్యాంకు కరపత్రాలు పెట్టుకునే తాగాడు.

కరెంటు వచ్చింది. కంప్యూటరు మెల్లగా, దాని తీరున అది లేచింది. ఫైలు తెరిచి నాయన పేరు దగ్గరికి పోయాను. సర్పంచు కొడుకు నా వెనకే నిలబడి ఉన్నాడు. తీసేశాను. ఆ చోటు ఖాళీగా కూడా మిగల్లేదు. అందరూ ఆహ్వానితులే, అన్న వరుస పైకి జరిగి అక్కడ కూర్చుంది.

కొత్తదానికి ప్రింటు నొక్కబోతుంటే, నొక్కకముందే ప్రింటరు కదిలింది. టకటకమని కాగితం లాక్కుంది. బయటికి వచ్చిన కాగితం మీద నాయన పేరు ఉంది. దాని వెనకే ఇంకొకటి, దాని మీదా ఉంది.

కరెంటు పోయినంత మాత్రాన పంపిన పని పోదు. కంప్యూటరు దాన్ని దాచుకుని ఉంటుంది, లేవగానే మళ్ళీ మొదలుపెడుతుంది. సెంటర్లో కరెంటు పోతే జనరేటరు వేసేవాళ్ళు కాబట్టి ఆ సంగతి నాకు తెలిసే అవసరం రాలేదు.

"ఇదేంది పాపా, మళ్ళీ అదే వస్తాండాది?"

"పాతది అన్నా. ఆపుతాను." గడియారం పక్కన బొమ్మ నొక్కి, వరుస తెరిచి, రద్దు చేయమన్నాను. రద్దవుతోంది అని తెర మీద ఒక మాట వచ్చి, అలాగే నిలబడిపోయింది. ప్రింటరు మాత్రం ఆగలేదు. నాయన పేరు ఒకటి మీద ఒకటి పడుతూనే ఉంది.

"ఆపు అంటే!"

"ఆపినానన్నా. అది ఆగడం లేదు."

ఆయన వంగి ప్రింటరు వైరు పీకేశాడు. కాగితం సగంలో ఆగింది. కాసేపటికి మళ్ళీ పెట్టాడు. ప్రింటరు ఆ సగం కాగితాన్ని బయటికి కక్కి, కొత్తది లాక్కుని, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.

"ఓరి నీ! ఈ మిషన్ గూడా మీ నాయన మాదిరే ఉండాదే పాపా. ఒగసారి కూర్సుంటే లేయదు!"

అమ్మ నవ్వింది. నాయన కూడా నవ్వాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ గదిలో నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే. అలా నవ్వుతూ ఉంటే, ఆ పేరు అచ్చవడమే ఒక తమాషా అయిపోయింది.

చివరికి అన్నీ ఆపేశాను. కంప్యూటరుకీ ప్రింటరుకీ మధ్య ఉన్న తీగ పీకి, కంప్యూటరును మళ్ళీ లేపి, వరుసలో ఉన్నదాన్ని రద్దు చేసి, ప్రింటరును అప్పుడు తగిలించాను. వరుస ఖాళీ అయింది. నాయన పేరున్న కాగితాలన్నీ సర్పంచు కొడుకు పోగు చేసుకుని మడిచాడు. "ఈడ ఉంటే మళ్ళీ ఎవరో ఒగరు సూస్తారు" అన్నాడు. సగంలో ఆగిన కాగితం మాత్రం చూసి వదిలేశాడు. దాంట్లో అచ్చు నాయన పేరు దాకా రాలేదు.

కొత్తది పంపించబోతుంటే, ఆయనకి నా మొహం చూసి ఏమనిపించిందో, "నీ పేరు ఏస్కో పాపా, కింద సిన్నగా. ప్రెస్సోళ్ళు ఏస్కుంటారు కదా, అట్ల. బి.కాం. గూడా పెట్టు. మనూరి పిల్ల డిగ్రీ అంటే మాకూ పేరే" అన్నాడు.

"వద్దన్నా."

"ఏస్కో పాపా" అన్నాడు నాయన.

"వద్దు నాయనా."

"ఏస్కో. అయ్య సెప్తాండాడు కదా." తీసెయ్ అన్న గొంతే అది. కానీ ఈసారి నా వైపు చూసి అన్నాడు. కాగితం అట్టడుగున, డి.టి.పి. అని కొట్టి, నా పేరు, పక్కన బి.కాం. కొట్టాను.

ట్యాంకు ప్రారంభం రోజు, మైకులో ఆ కరపత్రం చూసి పేర్లు చదివారు. చదువుతున్నప్పుడు నాయన షామియానా వెనక నుంచి కుర్చీలు మోస్తున్నాడు. కార్యక్రమం అయిపోయాక మా కాలనీ ఆడవాళ్ళ దగ్గరికి వచ్చి, చొక్కా జేబులోంచి ఒక కరపత్రం తీశాడు. అట్టడుగు వరుస పైకి కనిపించేట్టు మడిచి పెట్టుకున్నాడు.

"ఇదో ఈడ సూడండి. ఇది మా పాప పేరు. ఇది డిగ్రీ."

బిందెలు పెట్టిన రోజు ఆయన పక్కనే రోడ్డు మీద కూర్చున్న పెద్దమ్మ ఒకామె ఆ మడత విప్పి, కాగితమంతా అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకీ చదువు రాదు.

"మరి నీ పేరు యాడుండాదప్పా ఇందులో?"

"నాదా? జాగా సాల్లేదంటక్కా" అన్నాడు నాయన, కాగితం తీసుకుని మళ్ళీ అదే మడతలో మడుచుకుంటూ.

ఆ తర్వాత చాలాకాలం ఆయన దాన్ని జేబులో తిప్పాడు. బస్సెక్కితే కండక్టరుకి చూపించేవాడు. పక్క సీటువాళ్ళకి చూపించేవాడు, నేను పాసైన రోజు చెప్పినట్టే, ఎవరూ అడగకుండానే. ఆయన సంతోషం నిజమైనదే. దాన్ని నేనెప్పుడూ ఆపలేదు.

కానీ జాగా చాలకపోవడం అబద్ధం. ఆ కాగితం కొలతలు నావి. అందరూ ఆహ్వానితులే అన్న వరుసకీ, కింద నా పేరుకీ మధ్య రెండు వేళ్ళ వెడల్పున తెల్లకాగితం ఉండింది.