రేసు కారుకు బండి గూడు

కుర్రతనానికి కూడా రేటు కట్టి వసూలు చేసే మనుషులుంటారని ఆ రోజుల్లో మా పల్నాట్లో ఎవరికీ తెలియదు. మాకు తెలిసిన కుర్రతనం ఖర్చులల్లా చుట్టలు, టూరింగు టాకీసు, నరసరావుపేట హోటల్లో పెసరట్టు. నేను వాటితో తృప్తిపడే రకాన్ని కాదు. ఇరవై రెండో ఏట, బి.ఏ. రెండోసారి తప్పిన దుఃఖం మరిచిపోవడానికి, అమ్మమ్మ నా పేర పెట్టిన ఎకరం చేను అమ్మి, మద్రాసులో ఎవరో దొర వదిలేసిపోయిన ఎర్ర రేసు కారు కొనుక్కొచ్చాను. రెండే సీట్లు, నెత్తిన కప్పు లేదు. (ఆ చేను ఇప్పుడెంత పలుకుతుందో అడక్కండి. అడిగితే లేచిపోతాను.) అలాంటి పని చేసినవాడికి ఊళ్లో తిరగడానికి సిగ్గుండాలి. నాకు లేదు.

మా నాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "నువ్వు ఎవర్నన్నా గుద్దితే నా పొలం పోవాలంట్రా? నెలాఖరులోగా బీమా కాయితం తే. లేకపోతే చిలకలూరిపేట జిన్నింగు మిల్లాయన అడుగుతున్నాడు, ఆయనకమ్మి తోలేస్తా" అన్నాడు. ఆయన అన్నాడంటే తోలేస్తాడు. అందాకా కారును గొడ్ల సావిట్లో రెండు బర్రెల మధ్య పెట్టించాడు. నేను పొద్దస్తమానం దానిమీద పడ్డ పేడ తుడుస్తూ, ఎక్కి కూర్చుని, ఉన్నచోటనే స్టీరింగు తిప్పుతూ గడిపాను.

నరసరావుపేటలో బీమా ఏజెంటు ఒకాయన ఉండేవాడు. ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు మూసేవాడు కాదు, అందుకని అందరూ గొడుగాయన అనేవాళ్లు. కబురు చేస్తే వచ్చి, ముందు కారునీ తరవాత నన్నూ చూసి, "మామూలు కారుకు కట్టేదానికి మూడింతలవుద్ది బాబూ" అన్నాడు.

"ఎందుకంట?"

"వయసు తక్కువ. పెళ్లి కాలేదు. బండేమో రేసుది."

"పెళ్లికీ కారుకీ ఏంది సంబంధం?"

"పెళ్లయినోడికి ఇంటికి పోయే తొందరుండదు" అన్నాడు, తన అనుభవమే చెబుతున్నట్టు.

నేను ఇంకా ఎవర్నీ గుద్దకముందే గుద్దేవాడి కింద జమకట్టి డబ్బులడిగే ఈ కంపెనీవాళ్లంటే ఒళ్లు మండిపోయింది. అంత సొమ్ము నా దగ్గర లేదు, నాయన ఇవ్వడు. వెళ్తూ వెళ్తూ గొడుగాయన, "అదే నాలుగు సీట్లుండి, మీద కప్పుంటే కుటుంబం కారు కింద రాస్తారు, మామూలు రేటే" అని ఓ ముక్క విసిరిపోయాడు. బి.ఏ. రెండుసార్లు తప్పిన బుర్రకు అది చాలు.

మా వడ్రంగి తాత గూడుబండ్లు కట్టడంలో చేయి తిరిగినవాడు. వెదురు బద్దలు విల్లులా వంచి పైన చాప కప్పాడంటే లోపలున్నవాళ్లకు ఎండ తగలదు. ఆయన్ను తీసుకొచ్చి కారు చూపించాను.

"కాడి ఏడ కడతావు అబ్బాయ్?"

"కాడి అక్కర్లేదు తాతా. ఇంజను లాగుద్ది."

"ఇంజనున్నోడికి గూడెందుకు?"

"బీమా కోసం."

"చదువుకున్నోళ్ల యవ్వారం" అని తాత ఉలి అందుకున్నాడు. మూడు రోజుల్లో గూడు లేచింది. వెనక సామాను పెట్టుకునే చోట అడ్డంగా ఓ తుమ్మ చెక్క బిగించి, నాలుగు సీట్లయ్యాయన్నాడు. ఆ చెక్క మీద కూర్చోవాలంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి.

నెలాఖరుకు రెండు రోజులుందనగా గుంటూరు నుంచి బీమా కంపెనీ ఇన్స్పెక్టరు దిగాడు. సన్నగా, నవ్వని మనిషి. వెనక చెక్క మీద ముడుచుకు కూర్చుని, "పోనీండి" అన్నాడు. వినుకొండ రోడ్డెక్కాం. ఇన్నాళ్లకు చేతికొచ్చిన కారు, ఖాళీ రోడ్డు. బుద్ధున్నవాడైతే ఆ ఒక్క పూటైనా మెల్లగా పోయేవాడు. నా కాలు ఆగలేదు. గాలి లోపలికి దూరి గూడు పైకి లేవడం మొదలెట్టింది. వెనక్కి చూస్తే ఇన్స్పెక్టరు రెండు చేతులా వెదురు బద్దలు పట్టుకుని వేలాడుతున్నాడు. ఆపాను. నా కారు మిల్లాయనకు పోయినట్టే అనుకున్నాను, ఏడుపొచ్చింది కూడా.

ఆయన చొక్కా సర్దుకుని, "ఎంత స్పీడుకు లేస్తుంది?" అనడిగాడు.

"ఇరవై మైళ్లు దాటితే సార్."

"మామూలు రేటే రాస్తాను. ఒకటే షరతు. ఈ గూడు తీస్తే బీమా చెల్లదు."

కంపెనీని బోల్తా కొట్టించానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బోల్తా పడిందెవరో అర్థం కావడానికి వారం పట్టింది. గూడు ఎగిరిపోతే బీమా పోతుందన్న భయంతో నడుపుతుంటే సైకిళ్లు కూడా నన్ను దాటిపోయేవి. బొల్లాపల్లి బస్సు డ్రైవరు పక్కకొచ్చి, "ఎద్దుల్ని అమ్మేశావా అబ్బాయ్?" అనేవాడు. కప్పుంది, కుదుపు లేదు, మెల్లగా పోతుంది గదా అని వీధిలోని పిన్నమ్మలూ అత్తమ్మలూ కడుపుతో ఉన్న కూతుళ్లను ఆసుపత్రికి నా కారులోనే పంపించేవాళ్లు. సరదాగా తిరుగుదామని చేను అమ్ముకున్నవాణ్ణి, ఏడాదంతా బాలింతలను ఇళ్లకు చేర్చాను. చివరికి విసుగెత్తి, నేనే మిల్లాయనకు కబురు పెట్టి అమ్మేశాను.

మొన్నీమధ్య ఇప్పటి కారుకు బీమా రాయడానికి ఓ కుర్రాడొచ్చాడు. నా తల వంక చూసి, కారు వంకైనా చూడకుండా, అన్నిటికన్నా తక్కువ రేటు రాసి, "మీరెట్లాగూ స్పీడుగా పోరు గదా తాతగారూ" అన్నాడు. సంతకం పెట్టాను గానీ మనసు చివుక్కుమంది. ఏమో, స్పీడుగా పోతానేమోనని కాస్త అనుమానపడి మూడింతలు అడిగి ఉంటే, వాణ్ణి నాలుగు తిట్టి, నవ్వుకుంటూ కట్టేవాణ్ణి.