ఆరునొక్కటి

మొన్న బ్యాంకు పనిమీద ఫోను చేస్తే రికార్డు చేసిన ఆడగొంతు పలికింది. స్వాగతం చెప్పింది, ధన్యవాదాలు చెప్పింది, ఏ పనికి ఏ అంకె నొక్కాలో తీరిగ్గా వివరించడం మొదలుపెట్టింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ నవ్వింది. "మిషనుకు గూడ మర్యాద చేస్తరా మీరు?" అంది. ఆమెకిది కొత్త కాదు. ఇన్నేళ్ళయినా అలాంటి గొంతు వినబడితే నేను కూర్చోలేను, అరచేతులకు చెమట పడుతుంది. అది మర్యాద కాదని, భయమని ఆమెకూ తెలుసు. ఆ భయం ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే గద్వాలలో మా విత్తనాల ఆఫీసు దగ్గర మొదలుపెట్టాలి.

పత్తి విత్తనాల కంపెనీ ఒకదానికి నేను అక్కడ ఇన్‌చార్జిని. రెండు గదులు, ముగ్గురు మనుషులు. ఫోన్ల మిషను మాత్రం పెద్ద దవాఖానకు సరిపోయేంతది. హెడ్డాఫీసులో మిగిలిపోయిన దాన్ని మా నెత్తిన పెట్టారని నా అనుమానం. గోడకు తగిలించిన తెల్లటి పెట్టె, దానికి రెండు లైన్లు. మూడుసార్లు మోగినా ఎవరూ ఎత్తకపోతే అందులోంచి ఒక ఆడగొంతు వచ్చి మా కంపెనీ గొప్పతనం చెప్పేది. బిగించడానికి వచ్చిన మెకానిక్‌కు ఆ పెట్టె అంటే కన్నబిడ్డంత ముద్దు. "మీరు ఏ ఊళ్ళె ఉన్నా దీన్ని ఆడిపియ్యొచ్చు సార్," అన్నాడు. బయటి ఫోను నుంచి మన నంబరు తిప్పి, ఆ గొంతు మాట్లాడుతుండగానే స్టారు నొక్కి రహస్యపు అంకెలు నొక్కాలట. సరిగ్గా నొక్కితే పొడుగ్గా ఒక కూత వస్తుంది. అప్పుడు ఏ నంబరు ఇస్తే, ఇక నుంచి ఆఫీసుకొచ్చే ఫోన్లన్నీ రెండో లైను మీదుగా ఆ నంబరుకు పోతాయి. తప్పు నొక్కితే మూడు పొట్టి కూతలు. మూడుసార్లు తప్పు నొక్కితే, ఆఫీసుకొచ్చి సరిచేసేదాకా బయటివాళ్ళను దగ్గరికి రానివ్వదు. నేను ఇంతవరకు విని, మన కొంపకు ఇంత సంబరం అవసరమా అని చాయ్‌కి పోయాను. మా గుమాస్తాగారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని మొత్తం విన్నారు. రహస్యపు అంకెలు కూడా ఆయనే పెట్టారు. అరవై దగ్గరపడ్డ మనిషి, ఆదివారాలు ఇంట్లో కూర్చుని ఆఫీసు ఫోన్లను తన ఇంటికి తిప్పుకుని మురిసిపోయేవారు.

ఇక భాయ్ సంగతి. రాజోలిలో, తుంగభద్రకు దగ్గరలో, మాకొక గోదాం ఉండేది. దాన్ని చూసుకునే మనిషిని అందరమూ భాయ్ అనేవాళ్ళం. భార్యా, ఇద్దరు పిల్లలతో గోదాం వెనక గదిలోనే కాపురం. అంతకు ముందు ఏడాది ఆయన ఎవరిదో షాదీ ఉందని అయిజకు పోయాడు, ఒక్క పూట. ఆ పూటే వాన కొట్టి రేకులు కారి కొన్ని మూటలు తడిశాయి. నేను మరునాడు పోయి నలుగురి ముందు కడిగేశాను. కోపంలో మనిషి నోటికి వచ్చేవన్నీ వచ్చాయి, చివరికి ఒక మాట కూడా వచ్చింది. "ఇగ నుంచి నేను ఫోన్ల పొమ్మని చెప్తే తప్ప గోదాం ఇడిచి కదలొద్దు." ఆయన తల దించుకుని, "మీ మాట దాట సాబ్," అన్నాడు. ఆ రోజు నుంచి పండుగైనా పబ్బమైనా సరిగ్గా రెండు గంటలకు ఎదురు దుకాణంలో ఉన్న రూపాయి బిళ్ళ డబ్బా ఫోను నుంచి గద్వాల ఆఫీసుకు ఫోను చేసేవాడు. అంతా బాగుందని చెప్పి పెట్టేసేవాడు. క్రమశిక్షణ అంటే ఇట్లా ఉండాలని నేను పదిమందికి చెప్పుకున్నాను. ఆ దుకాణం నంబరు అడిగి రాసుకోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. ఎప్పుడూ ఆయనే చేసేవాడు కదా మరి.

గాంధీ జయంతి సెలవుకు నేను వనపర్తిలో అత్తగారింటికి పోయి ఉన్నాను. ఎడతెగని వాన. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక టీవీలో చెప్పారు, పైన డ్యాముల గేట్లన్నీ ఎత్తారని, తుంగభద్ర ఒడ్డు ఊళ్ళు ఖాళీ చేయాలని. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఊరంతా ఖాళీ అయినా భాయ్ కదలడని నాకు తెలుసు. ఆయన్ను కదిలించే మాట నా దగ్గర ఉంది. ఆ మాట కోసం ఆయన రెండింటికి ఫోను చేసేది తాళం వేసి ఉన్న ఆఫీసుకు. అక్కడ ఆ ఆడగొంతు ఆయన రూపాయి తినేసి కంపెనీ గొప్పతనం చెప్తుంది. ఆయన తిరిగి గోదాంలోకే పోతాడు.

గడియారం చూస్తే ఒకటీ ఇరవై. సెల్లులో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఆఫీసు తాళంచెవులున్న అటెండరు ఊళ్ళో లేడు, అతని సెల్లు మూగబోయింది. పోలీసుల నంబరు ఎంతసేపు తిప్పినా ఎంగేజే. అప్పుడు ఆ తెల్లటి పెట్టె గుర్తొచ్చింది. గొడుగు కూడా తీసుకోకుండా వీధి చివరి ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను. దాన్ని నడిపే పెద్దావిడను వీధంతా ఆపా, అంటే అక్క, అంటారు; ఆమెకు మా అత్తగారింటి వాళ్ళంతా తెలుసు. "ఏంది బేటా, గట్ల తడిసినవ్?" అంటూ తుండు అందించింది. తల తుడుచుకునే ఓపిక లేక నాగర్‌కర్నూల్‌కు ఫోను కలిపాను. మా గుమాస్తాగారు సెలవుకు అక్కడ కూతురింటికి పోయి ఉన్నారు.

సంగతి చెప్పి, పని మీరే చేసెయ్యండి అన్నాను. ఆయన గొంతులో నిస్పృహ వినిపించింది. "ఈడ ఫోను పాతది సార్. నొక్కితే టకటక అంటది గని కూత రాదు. మన మిషనుకు ఇనవడదు. మీరే చెయ్యుండ్రి, రాసుకోండ్రి. నాలుగు. ఆరునొక్కటి. రెండు. సున్న." లైనులో వాన చప్పుడు లాంటి గరగర. నొక్కే పని కాబట్టి నొక్కు అంటున్నారనుకున్నాను. ఆపా ఇచ్చిన చీటీ మీద నాలుగు, ఆరు, ఒకటి, రెండు, సున్న అని రాసుకున్నాను.

గద్వాల నంబరు తిప్పాను. మూడుసార్లు మోగింది. ఆడగొంతు స్వాగతం చెప్పింది. స్టారు నొక్కి, చీటీ చూసుకుంటూ ఒక్కొక్క అంకె నొక్కాను. సున్న నొక్కకముందే మూడు పొట్టి కూతలు వచ్చి లైను తెగింది. తడిచేత్తో నొక్కడం వల్ల అనుకుని వేలు తుడుచుకుని మళ్ళీ చేశాను. ఈసారి గట్టిగా, నిదానంగా. మళ్ళీ అవే మూడు కూతలు. ఒకటీ నలభై దాటింది. ఇంకొక్కసారే మిగిలింది. పైగా నేను ఈ లైను పట్టుకుని ఆడుతున్నంతసేపూ, భాయ్ తొందరపడి ముందే చేస్తే ఆయనకు ఎంగేజ్ వస్తుంది. ఆ ఆలోచన వచ్చాక రిసీవరు ముట్టుకోవడానికి కూడా భయమేసింది. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది.

మళ్ళీ నాగర్‌కర్నూల్‌కు చేశాను. ఈసారి గుమాస్తాగారి భార్య ఎత్తారు. "ఆయన కూతొచ్చే ఫోను దొరుకుతదేమోనని వానల ఊరు మీద పడ్డడు సార్," అన్నారు. ఆయన చెప్పిన అంకెలు మిషను ఒప్పుకోవడం లేదమ్మా అన్నాను. "ఏం చెప్పిండు మీకు?" అని అడిగారు. చీటీ చదివాను. ఆమె ఆ అంకెలు తనలో తాను మళ్ళీ అనుకున్నారు.

"ఆరునొక్కటి అన్నడా?"

"ఔనమ్మా. ఆరు నొక్కి, ఒకటి."

"ఆరు గాదు, ఒకటి గాదు సార్. అది ఏడు. మా అత్తగారింట్ల ఎవరూ ఏడు అనరు. వడ్లు కొలిచెటప్పుడు ఏడంటే ఏడ్చినట్టయితదని ఆరునొక్కటంటరు. ఫోనుకు వడ్లకు సంబంధమేందని ఎన్నిసార్లు చెప్పినా ఇనడు."

మా అమ్మ కూడా వడ్లు కొలిచేటప్పుడు అట్లాగే అనేది. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని వింటూ పెరిగిన మాటే. నాలుగు చదువులు చదివి, ఉద్యోగం చేసి, ఆ మాటను రెండు ముక్కలు చేసి రాసుకున్నాను. ఆమెకు దండం పెట్టి ఫోను పెట్టేశాను. గద్వాల తిప్పాను. ఆడగొంతు ధన్యవాదాల దాకా వచ్చేసరికి స్టారు. నాలుగు. ఏడు. రెండు. సున్న. పొడుగ్గా కూత వచ్చింది. అంత కమ్మని శబ్దం నేను మళ్ళీ వినలేదు. ఆపా గోడమీద రాసి పెట్టుకున్న తన నంబరు చూసి ఊరి ఎస్టీడీ కోడుతో సహా నొక్కాను. ఇంకో కూత. పెట్టేశాను. రెండుకు నాలుగు నిమిషాలుంది.

ఇక ఎదురుచూడటమే పని. ఫోను చేసుకోవడానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఆపా రిసీవరు మీద అరచెయ్యి పెట్టి, "ఇయ్యాల ఈ ఫోను ఖాళీ లేదు, పక్క సందుల పోండ్రి," అని పంపేసింది. రెండయింది. రెండూ ఐదు. ఏడాదిగా ఒక్క నిమిషం తప్పని మనిషి. రెండూ పది. నేను ఎన్ని మొక్కులు మొక్కానో నాకే గుర్తులేదు. ఆపా పెదవులు కూడా కదులుతున్నాయి. రెండూ పన్నెండుకు ఫోను మోగింది.

"సాబ్, నేను," అన్నాడు భాయ్. వెనక జనం అరుపులు. "దుకానంల నీళ్ళొచ్చినయ్, బల్ల మీద నిలవడి మాట్లాడుతున్న. గోదాంల గూడ మోకాళ్ళ దాక ఉన్నయ్. నేను, బీబీ మూటలు పైకెక్కిస్తున్నం. జర పరేషాన్‌గుంది. ఏం జెయ్యమంటరు?"

"మూటలు ఇడిచిపెట్టు భాయ్. పిల్లల్ని తీస్కొని ఎత్తుకు పోండ్రి. ఇప్పుడే."

"గోదాం ఇడిచా?"

"ఇడిచిపెట్టి పో. నేనే చెప్తున్న, పో."

"మీరు చెప్తున్నరు గద సాబ్," అన్నాడు. అనుమానం కాదు, అనుమతి వచ్చిందా లేదా అని సరిచూసుకోవడం. ఔను అన్నానో లేదో రూపాయి నిమిషం అయిపోయి లైను తెగింది. నేను ఔనన్నది ఆయనకు వినబడిందో లేదో తెలియలేదు.

మూడు రోజులు తెలియలేదు. ఆ మూడు రోజులు నేనెట్లా ఉన్నానో మా ఆవిడ చెప్పాలి. నాలుగో రోజు దారి తెరిచాక, మెరకలో ఉన్న ఒక బడిలో వాళ్ళను చూశాను. నలుగురూ ఉన్నారు. గోదాం లేదు, గోడలు పడి బురదలో కలిసిపోయాయి. భాయ్ నన్ను చూసి లేచి నిలబడి, "మూటలన్ని ఆగమైనయ్ సాబ్, మాఫ్ చెయ్యుండ్రి," అన్నాడు. ఆ మనిషిని పట్టుకుని నేను అక్కడే ఏడ్చాను. తేరుకున్నాక ఉత్సాహం పట్టలేక మిషను సంగతి, గుమాస్తాగారి ఏడు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. భాయ్ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు. చిన్నపిల్లకు జ్వరమని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉంది. నా ముఖం చూడకుండానే, కోపం లేకుండానే అంది.

"నీళ్ళు పొద్దుగాలనే వచ్చినయ్ సార్. మీ మాటనే రెండు కొట్టినంక వచ్చింది."

ఆఫీసులో ఈ కథ చాలా ఏళ్ళు చెప్పుకున్నారు, సారు వనపర్తిలో కూర్చుని సమయానికి అందుకున్నాడని. నేను అవుననలేదు, కాదనలేదు. వెనక్కి తీసుకోవాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండగా, పొద్దున్నుంచీ నీళ్ళలో మూటలు మోసింది వాళ్ళు. ఆమె లెక్కలో నేను ఒక పూట ఆలస్యం. నా లెక్కలో ఏడాది.