నది పక్క దారిలో తల తిప్పిన రోజు

ఆ మంగళవారం పొద్దున నేను పెనం మీద దోసె తిప్పబోయాను. దోసె తిరగలేదు కానీ వంటిల్లు తిరిగింది.

అట్లకాడ వదిలేసి సింకు అంచు పట్టుకున్నాను. గోడ, కిటికీ, కిటికీ అవతలి నిమ్మచెట్టు అన్నీ కుడి నుంచి ఎడమకి ఆగకుండా జారిపోతున్నాయి. కళ్ళు మూసుకుంటే ఇంకా ఎక్కువైంది. నేల మీద కూలబడి వాంతి చేసుకున్నాను. మా ఆయన మురళి పరిగెత్తుకొచ్చి ముందు స్టవ్ ఆపాడు, తర్వాత నన్ను చూశాడు.

"పిండి పులిసిపోయిందేమో, సుధా."

కాకినాడ మనిషి. ఏ జబ్బు వచ్చినా మొదటి అనుమానం తిండి మీదే.

హామిల్టన్‌లో మా ఇంటికి హాస్పిటల్ పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాలూ సంచిలో తల పెట్టుకునే ఉన్నాను. ఎమర్జెన్సీలో డాక్టరమ్మ తన ముక్కు వైపే చూడమని, నా తలని రెండు చేతులతో పట్టుకుని చటుక్కున పక్కకి తిప్పింది. కళ్ళు చూసింది. వేలు చూపించి దాని వెంట చూడమంది. స్ట్రోక్ కాదని తేల్చుకోవాలి అని ఎమ్ఆర్ఐకి పంపింది. ఆ మిషన్‌లో పడుకుని నలభై మూడేళ్ళ జీవితాన్ని తలుచుకుందామనుకున్నాను. పెనం మీద మాడిన దోసె తప్ప ఏమీ గుర్తు రాలేదు.

సాయంత్రం ఆమే వచ్చి మంచం పక్కన కూర్చుంది. "స్ట్రోక్ కాదు. వెస్టిబ్యులర్ న్యూరైటిస్. కుడి చెవి లోపల బ్యాలెన్స్ చూసుకునే నరం దెబ్బతింది. అది పూర్తిగా బాగుపడకపోయినా మీ బ్రెయిన్ సర్దుకోవడం నేర్చుకుంటుంది. వాంతులకి ఈ మాత్ర మూడు రోజులే వేసుకోండి. తర్వాత లేచి తిరగండి."

తిరగమని చెప్పడం ఆమెకి తేలికే. నేను పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉన్నాను. అప్పుడు మురళి కారు పార్కింగ్ చూసుకోవడానికి వెళ్ళాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. వాంతి సంచి చేత్తో పట్టుకుని విన్న మాట ఎంతసేపు నిలుస్తుంది? డిశ్చార్జి కాగితం చదవకుండానే సొరుగులో పెట్టేశాను.

ఇంటికొచ్చాక అనంతపురం నుంచి మా అక్క వీడియో కాల్‌లో వైద్యం మొదలుపెట్టింది.

"కదలొద్దు. బాగా పండుకో. మాత్రలుండాయా?"

"మూడు రోజులకే ఇచ్చినారు అక్కా."

"మూడు రోజులేందే? నాకు తల తిరిగినప్పుడు రాసిన మాత్రలు నీ డబ్బాలో ఏసింటి కదా, అవి ఏసుకో."

మన ఇళ్ళల్లో ఆ డబ్బా ఉంటుంది కదా. ఇండియా వెళ్ళొచ్చినప్పుడల్లా మెడికల్ షాపు స్ట్రిప్పులు నింపుకొచ్చే బిస్కెట్ డబ్బా. వెతికితే హాస్పిటల్లో ఇచ్చిన మాత్రే డజను స్ట్రిప్పులు దొరికాయి. పేరు కూడా అదే. దేవుడే పంపాడనుకున్నాను. పూటకొకటి వేసుకుని పడుకున్నాను. మురళి చారన్నం కలిపి మంచం దగ్గరికే తెచ్చేవాడు. చెప్పకూడదు గానీ, సుఖంగానే ఉండేది.

నాలుగో వారంలో అక్కే అడిగింది. "ఏమే, నా మీద కోపమా? మాట్లాడేటప్పుడు తలే ఊపడంల్యా."

నిజమే. అవునన్నా కాదన్నా నా తల మెడ మీద పోసిన సిమెంటులా ఉంటోంది. కదిపితే గది కదులుతుందని భయం.

నాకు రెండే కావాలి. ఒకటి ఆఫీసు, రెండోది సైకిలు. తల తిరిగేవాళ్ళు కారు నడపకూడదు. ఈ ఊళ్ళో కారు నడపలేని మనిషి లగేజీతో సమానం, ఎవరో ఒకరు ఎక్కించాలి, దించాలి. దానికైనా సర్దుకునేదాన్ని. కానీ నలభై దాటాక నేర్చుకున్న సైకిలు అది. ఆదివారాలు ఆడవాళ్ళ గుంపుతో రోడ్డు మీద వెళ్ళేదాన్ని, గుంపులో ఎప్పుడూ ఆఖరి స్థానం నాదే. ఆ ఆఖరి స్థానం కూడా పోతుందేమోనని దిగులు పట్టుకుంది.

ఆరో వారం మురళి ఆఫీసులో ఉండగా హెల్మెట్ పెట్టుకుని వీధిలోకి దిగాను. నాలుగిళ్ళు దాటానో లేదో, పాల ట్యాంకర్ ఒకటి పక్కనుంచి వెళ్ళింది. ట్యాంకర్ తనతోపాటు రోడ్డునీ లాక్కుపోయింది. పక్కనున్న గడ్డిలో పడ్డాను. మోకాలు చీరుకుంది. ఎదురింటి పెద్దాయన సైకిలు నడిపించుకుంటూ నన్ను ఇంట్లో దింపాడు. సాయంత్రం మురళి సైకిలు గ్యారేజీలో పెట్టి తాళం వేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళితే, బ్యాలెన్స్ కసరత్తులు నేర్పే వెస్టిబ్యులర్ ఫిజియోకి రాసింది. ఆ ఫిజియో పేరు జోన్. అరవై దాటిన కివీ, ఈ దేశపు మనిషి. అన్నీ విని, "ఏం మందులు వాడుతున్నావ్?" అంది. గర్వంగా స్ట్రిప్పు తీసి చూపించాను.

"ఎన్ని రోజుల నుంచి?"

"ఆరు వారాల నుంచి."

జోన్ పెన్ను కింద పెట్టింది. "పాఠం నేర్చుకోవాల్సిన పిల్లని రోజూ నిద్రమాత్ర వేసి స్కూలుకి పంపుతున్నావ్. తల కదిలితేనే నీ బ్రెయిన్ నేర్చుకుంటుంది. నువ్వేమో తలనీ, బ్రెయిన్‌నీ రెండింటినీ ఆపేశావ్."

పక్క కుర్చీలో ఉన్న మురళి నా వైపు తిరిగాడు. డాక్టరమ్మ 'మూడు రోజులే' అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది.

జోన్ జీపీతో మాట్లాడి మాత్రలు మానిపించింది. గోడ మీద ఒక అక్షరం అంటించి, దాని మీంచి చూపు తీయకుండా తల అటూ ఇటూ తిప్పమంది. నేను 'అ' రాసుకున్నాను. ఈ వయసులో మళ్ళీ అక్షరాభ్యాసం. మొదటి వారం పాత రోజులు తిరిగొచ్చినట్టయింది, రెండుసార్లు వాంతి కూడా. "ఇలా కావాల్సిందే, ఆపకు" అంది జోన్ ఫోన్లో. రోజూ అరగంట తల అడ్డంగా ఊపుతుంటే, "నేనేం అడక్కుండానే కాదంటున్నావేంటి?" అనేవాడు మురళి.

నెల తర్వాత సైకిలు గురించి జోన్‌ని అడిగాను. కార్లు కదిలే చోట కన్ను మోసపోతుంది, నువ్వు తప్ప ఏదీ కదలని దారి చూసుకో అంది.

అలాంటి దారి మా ఊళ్ళోనే ఉంది. వైకటో నది పక్కనే కేంబ్రిడ్జ్ అనే పక్క ఊరి దాకా వెళ్ళే సైకిల్ దారి. ఒక్క కారు రాదు. ఒక పక్క నది, ఇంకో పక్క కంచె వెనక మేస్తున్న ఆవులు. ఇన్నాళ్ళూ దాన్ని ముసలివాళ్ళూ చిన్నపిల్లలూ తొక్కే దారని చిన్నచూపు చూశాను. మొదటి శనివారం రెండు దీపస్తంభాల మధ్య దూరమే తొక్కాను. మురళి చెప్పులతో వెనక పరిగెత్తాడు. ఒక పుకెకో పిట్ట నీలం రెక్కలూ ఎర్రటి ముక్కూ వేసుకుని దారి మధ్య నిలబడి, పక్కకి జరగడానికి కూడా తొందరపడలేదు. నా వేగం దానికి అర్థమైంది.

తర్వాతి శనివారం వంతెన దాకా. ఆ పై వారం మధ్యలో తల బరువెక్కి వెనక్కి వచ్చేశాను. ఏడ్చాను కూడా. మళ్ళీ వెళ్ళాను. మురళి తనకీ ఒక పాత సైకిలు సంపాదించాడు.

పదకొండో శనివారం కేంబ్రిడ్జ్ వైపు సగం దూరం దాటాక వెనక నుంచి గంట వినిపించింది. ఎవరో దాటి వెళ్ళడానికి దారి అడుగుతున్నారు. ఆలోచించకుండా కుడి భుజం మీదుగా తల తిప్పి చూశాను. ఎర్ర హెల్మెట్, తెల్ల గడ్డం, ఆ వెనక చెమటలు కక్కుతున్న మురళి. అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. చెట్లు చెట్లలాగే నిలబడ్డాయి. మళ్ళీ ముందుకి తిరిగాను. సైకిలు గీత తప్పలేదు.

"మురళీ, చూశాను!"

"ఏంటి చూశావ్?"

"వెనక్కి!"

కేంబ్రిడ్జ్ చేరి ఓక్ చెట్ల కింద గడ్డిలో కూర్చుని అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, సైకిలు మీద కేంబ్రిడ్జ్ చేరినా."

"ఏం చదువుతావే ఆడ?"

"అ."

ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. కారు నడుపుతున్నాను, ఆఫీసుకి వెళ్తున్నాను. బాగా అలసిపోతే సూపర్ మార్కెట్ అరల మధ్య నేల కాస్త ఊగుతుంది, ట్రాలీ పట్టుకుని ఒక్క నిమిషం నిలబడతాను. ఆదివారం గుంపులో ఈ మధ్య ఇద్దరు నా వెనక ఉంటున్నారు. వాళ్ళు కొత్తగా చేరినవాళ్ళన్న సంగతి నేనెవరికీ చెప్పను.

తల తిరిగి హాస్పిటల్‌కి వెళ్ళినవాళ్ళకి ఒక్క మాట. డాక్టరు మాత్ర రాస్తే ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరైనా అడుగుతారు. మీరు ఎప్పుడు ఆపాలో అడగండి. మంచం ఎప్పుడు దిగాలో కూడా అడిగి, పక్కనున్న మనిషి చేత రాయించుకోండి. రోగి చెవి మీద ఆ రోజు ఆధారపడొద్దు. నా విషయంలో పాడైందే అది.