డిక్కీలో గెక్ చూ

మలేషియాలో మా తైపింగ్‌లో వాన పడుతుందా అని ఎవరూ అడగరు. ఎన్నింటికి పడుతుంది అని అడుగుతారు. మా వీధి చివర కాఫీ కొట్లో ముసలాళ్ళు దాని మీద రోజూ పందెం కాస్తారు, ఓడినవాడు అందరికీ కాఫీ ఇప్పించాలి. ఇలాంటి ఊళ్ళో కారు డిక్కీలోకి నీళ్ళు రావడం మనిషికి జలుబు చేసినంత మామూలు. జలుబు చేస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు, డిక్కీ తడిస్తే గెక్ చూ దగ్గరికి వచ్చేవారు.

నాది మంగలి షాపు. గెక్ చూ వాళ్ళ కార్ల షెడ్డుకీ నా షాపుకీ మధ్య ఒకటే గోడ. వాళ్ళ కుళాయిలో నీళ్ళు సన్నంగా వస్తాయని మా నాన్న కాలం నుంచీ మా కుళాయికే పైపు తగిలించుకుంటున్నారు. మా నాన్ననైతే అడిగారట. నన్నెవరూ అడగలేదు.

ఆవిడ భర్త బూన్ కియాట్ కార్లకి సొట్టలు తీసేవాడు. మంచి పనివాడే. పెళ్ళయిన కొత్తలో ఒక కారు డిక్కీలోకి నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో తేలక ఆయన తల పట్టుకుని కూర్చుంటే, అన్నం తెచ్చిన గెక్ చూ, “మూత తీసిపెట్టి బయట నిలబడి చూస్తే ఏం కనిపిస్తుంది? లోపల పడుకుని, మూత వేయించుకుని చూడాలి” అంది. “నేను పట్టను” అన్నాడాయన. నిజమే, బీరువాలా ఉండేవాడు. ఆవిడ క్యారియరు కింద పెట్టి, చెప్పులు విప్పి, లోపలికి ఎక్కి ముడుచుకుని పడుకుంది. ఆ తర్వాత జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిపింది.

పని చూడ్డానికి ఏమీ ఉండదు. ముందు డిక్కీలో ఉన్న సామానంతా బయట పెట్టేస్తుంది. స్టెప్నీ టైరు, అడుగు చాప, గొడుగులు, సంచులు, అన్నీ. పొడిగుడ్డతో లోపలంతా తుడిచి, అతుకుల వెంట పసిపిల్లల పౌడరు చల్లుతుంది. టార్చిలైటు పట్టుకుని లోపల పడుకుంటుంది. మూత వేస్తాం. అప్పుడు పైపుతో కింది నుంచి పైకి, నెమ్మదిగా, వాన పడ్డట్టే నీళ్ళు పొయ్యాలి. ముందే పైనుంచి పోస్తే ఏ చుక్క ఎక్కడిదో తెలియదు. నీళ్ళు దూరిన చోట కనిపించవు, రేకు అంచు పట్టుకుని పాకి ఇంకెక్కడో బొట్టు పెడతాయి. పౌడరు మీద ఆ పాకిన జాడ చూసుకుంటూ వెనక్కి వెళ్ళాలి. దొరగ్గానే ఆవిడ లోపలినుంచి రేకు మీద తడుతుంది. వెనక లైటు చుట్టూ మెత్త పోయిందా, మూత చుట్టూ రబ్బరు పగిలిందా, అతుకులో లప్పం ఊడిందా, ఏదో ఒకటి. పాతది గీకేసి, కొత్తది పెట్టి బొటనవేలితో నొక్కడం బూన్ కియాట్ పని.

ఆయన పోయాక పైపు నా చేతికి వచ్చింది. దానికీ నన్నెవరూ అడగలేదు. కుర్చీలో సగం గడ్డం గీసినవాణ్ణి కూర్చోబెట్టి వెళ్ళి నీళ్ళు పోసి వచ్చిన రోజులున్నాయి.

“లోపల భయం వెయ్యదా అక్కా?” అని ఒకసారి అడిగాను.

“బయట నువ్వు వాగుతూ ఉంటావు తంబీ. లోపల ఎవరూ వాగరు” అంది.

అత్తగారు, మరుదులు, షెడ్డుకి వచ్చేపోయేవాళ్ళు, రేకు మీద సుత్తి దెబ్బలు. వీటన్నిటి మధ్య ఆవిడకంటూ ఉన్న గది ఆ డిక్కీ ఒక్కటే. అదీ రోజుకొకళ్ళది.

కొడుకు వీ లియాంగ్‌కి ఇది నచ్చేది కాదు. వాడు కార్ల అద్దాలకి నల్ల కాగితం అంటిస్తాడు. తండ్రి పోలికే, అంతే లావు. పోయిన నెలలో ఒక కారు డిక్కీ తాళం బిగుసుకుపోయింది. తాళంచెవి విరిగింది. ఆవిడ లోపల, నేను బయట. నేను సుత్తితో కొడుతుంటే, క్షవరానికి వచ్చినవాళ్ళు సాయం పట్టడం మానేసి ఫోన్లలో వీడియో తీశారు. చివరికి మూత లేచేసరికి ఆవిడ చెమటతో తడిసి ఉంది. “ఎడమ మూల, లైటు కింద” అంది. మధ్యాహ్నానికి ఆ వీడియో ఊరంతా చూసింది. వీ లియాంగ్ కూడా చూశాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అందరూ సిగ్గుపడ్డాడనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

సరిగ్గా ఆ వారంలోనే పాక్ జుహారి మళ్ళీ వచ్చాడు. పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు ముందు నడుస్తూ కొంపాంగ్ డప్పులు వాయించే మేళానికి ఆయన పెద్ద. మేకతోలు డప్పులన్నీ ఆయన కారు డిక్కీలోనే ఉంటాయి. చెమ్మ తగిలితే తోలు సాగిపోతుంది. గెక్ చూ అప్పటికే ఆ కారుకి ఒకసారి లైట్ల చుట్టూ మెత్తలు మార్పించింది, ఇంకోసారి మూత రబ్బరు మార్పించింది.

“ఆంటీ, మళ్ళీ తడిసింది” అని ఆయన ఒక డప్పు తీసి అరచేత్తో కొట్టాడు. “ఇది డప్పు చప్పుడా, పరుపు దులుపుతున్న చప్పుడా, మీరే చెప్పండి.”

“పరుపే” అంది గెక్ చూ.

“శనివారం మా మేనకోడలి పెళ్ళి. మా బావ అప్పుడే పాటల పెట్టె మాట్లాడి ఉంచాడు. ఈ చప్పుడు విన్నాడంటే మమ్మల్ని అన్నం తిని వెళ్ళమంటాడు. ఆ తర్వాత ఈ ఊళ్ళో మమ్మల్ని పిలిచేవాడుండడు.”

వీ లియాంగ్ కాగితం కత్తిరిస్తున్నవాడల్లా ఆపి, “అమ్మా, దీంతో ఆఖరు. ఇంక డిక్కీలు వద్దు” అన్నాడు.

“లీకు దొరికితే?”

“దొరికితే నీ ఇష్టం. నేను నోరెత్తను.”

“దొరక్కపోతే మానేస్తాను” అంది ఆవిడ. కొడుకు సరే అన్నాడు. ఇద్దరూ ఒక మాట అనుకుంటే వెనక్కి తీసుకునే రకం కాదు. ఆ మొండితనం ఎక్కడిదో గానీ బూన్ కియాట్‌ది మాత్రం కాదు.

ఆ రోజు పైపుతో అన్ని వైపులా పోశాను. లోపల ఒక్క చుక్క లేదు. ఆవిడ రెండోసారి పొయ్యమంది. పౌడరు చెదరలేదు. బయటికి వచ్చి టైరు మీద కూర్చుని కారునే చూస్తూ ఉండిపోయింది. ఆవిడ మొహంలో దిగులు నేను చూడటం బూన్ కియాట్ పోయాక అదే మొదలు.

“పైపు నీళ్ళు వేరు, వాన నీళ్ళు వేరు” అంది చివరికి జుహారితో. “మీరు వాయించుకుని ఇంటికి వెళ్ళేటప్పుడు నేను డిక్కీలో వస్తాను. మీరు ఎప్పుడూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. నేనున్నానని మార్చొద్దు.”

మర్నాడు సాయంత్రం చిన్న మసీదు పక్క హాల్లో మేళం వాళ్ళు సాధన చేశారు. అయిపోయేసరికి వాన దంచుతోంది. గెక్ చూ తన పూల గొడుగు వేసుకుని కారు దాకా నడిచి, గొడుగు మడిచి, డిక్కీలోకి ఎక్కి పడుకుంది. వాయించేవాళ్ళు గొడుగుల కింద డప్పులు తెచ్చి ఆవిడ చుట్టూ సర్దారు. సర్దాక గొడుగులు మడిచి ఒక్కొక్కటిగా డిక్కీలో పడేశారు.

“ఆంటీ, కాస్త జరగండి” అన్నాడొకడు. ఆవిడ జరిగింది. నేను కూడా నా గొడుగు మడిచి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి, మూత నొక్కి, వెనక సీట్లో కూర్చున్నాను.

జుహారి ఇంటి ముందు రేకుల కింద కారు ఆపి మూత తీశాం. ఆవిడ గొడుగుల కింద ఉంది. టార్చి వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో డిక్కీ అడుగున ఒక నీటి చార, డప్పు సంచి కిందికి పోతూ కనిపించింది. ఆవిడ చూపుడు వేలు దాని మీదే ఉంది. వేలు చార వెంట వెనక్కి వెళ్ళింది. టైరు గుంట దాటింది. తన చంక దాకా వచ్చింది. ఆవిడ తన పూల గొడుగుని కాసేపు చూసింది. గొడుగు ఇంకో బొట్టు కార్చింది.

వాన రేకుల మీద పడుతోంది.

“ప్రతిసారీ ముందు గొడుగులు తీసి బయట పెట్టి, తర్వాత వెతికాను” అంది ఆవిడ.

“మరి గొడుగులు ఇంకెక్కడ పెడతారు?” అన్నాడు వాయించేవాళ్ళలో ఒకడు. వాడు వేళాకోళం ఆడలేదు, నిజంగానే అడిగాడు. మా ఊళ్ళో ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

వెంటనే నేను ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళాను. “అక్కా, వాళ్ళకిప్పుడే ఏం చెప్పకు. రేపు షెడ్డుకి రమ్మని, ఎడమ లైటు దగ్గర కాస్త లప్పం పూసి దొరికిందని చెప్పు. నీ పని నీకుంటుంది.”

“అప్పుడు గొడుగులు మళ్ళీ డిక్కీలోనే పెడతారు.”

“వాళ్ళకి తర్వాత మెల్లగా చెప్దాం.”

“పెళ్ళి శనివారం తంబీ” అని, ఆవిడ వెళ్ళి జుహారితో కారుకి లీకు లేదని, తడి గొడుగులు కాళ్ళ దగ్గర పెట్టుకోమని, డప్పులకి పొయ్యి దగ్గర వెచ్చదనం చూపించమని చెప్పేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మేం తిరిగొచ్చేసరికి షెడ్డులో వీ లియాంగ్ ఇంకా ఉన్నాడు. “దొరికిందా?”

“లీకు లేదు.”

“అంటే దొరకలేదు.”

“ఒరేయ్, లేనిది ఎలా దొరుకుతుందిరా?” అన్నాను నేను.

“నువ్వుండు తంబీ” అంది ఆవిడ. “దొరకలేదు.”

టార్చిలైటు కొడుకు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు వాడు నా దగ్గర జుట్టు కత్తిరించుకోడానికి వస్తే చెవుల పైన కావలసినదానికంటే కాస్త ఎక్కువ తీసేశాను. వాడికి తెలుసు. అయినా డబ్బులిచ్చే వెళ్ళాడు.

శనివారం డప్పులు ఖంగుమన్నాయి. జుహారి కోడికూర, అన్నం పంపించాడు. గెక్ చూ తిని బాగుందని చెప్పింది. ఆ తర్వాత షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కార్లు తెచ్చినవాళ్ళతో, “మానేశాను, మా అబ్బాయినడగండి” అనేది. మిగిలిన పొద్దంతా వీధిలోకి చూస్తూ ఉండేది. మొదట్లో నేను పలకరించేవాణ్ణి. పలికేది కూడా. అదే నాకు నచ్చలేదు. నేను వాగితే విసుక్కునే మనిషి, తలాడిస్తూ వింటోంది. గెక్ చూ నా వాగుడు వింటోందంటే మనిషి బాగోలేనట్టే.

ఒకరోజు పొపియా రొట్టె చుట్టలు అమ్మే ఆవిడ కారు వచ్చింది. డిక్కీలో పిండి సంచులు తడుస్తున్నాయట. వీ లియాంగ్ పనికి ఒప్పుకున్నాడు. ముందు తన ఫోను వీడియోలో పెట్టి, డిక్కీలో ఉంచి, మూత వేసి నన్ను నీళ్ళు పొయ్యమన్నాడు. ఫోను చీకటిని చాలా స్పష్టంగా తీసింది. తర్వాత వెనక సీటు మడిచి తల దూర్చాడు. భుజాలు దూరలేదు. చివరికి చెప్పులు విప్పి డిక్కీలోకే ఎక్కాడు. నేను మూత నొక్కాను. అది వాడి పొట్ట దగ్గర ఆగిపోయింది. ఊపిరి వదలమన్నాను, వదిలాడు, అయినా పడలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే పడేదేమో గానీ, నిజం చెప్పాలంటే ఎదురుగా వాళ్ళమ్మ చూస్తోంది.

వాడు మొహమంతా పౌడరుతో బయటికి వచ్చి నిలబడ్డాడు. గెక్ చూ కుర్చీలోంచి లేవలేదు. మాట మాటే.

వాడు షెడ్డులోకి వెళ్ళి నైలాను తాడు ముక్క తెచ్చాడు. డిక్కీ తాళం లోపలి కొక్కేనికి కట్టి, మూత వేసి, మడిచిన సీటు సందులోంచి లాగి చూశాడు. మూత లేచింది. మళ్ళీ వేసి, తాళంచెవితో తీసి, మళ్ళీ లాగి చూశాడు. అలా ఎన్నిసార్లు చూశాడో. ముడి విప్పి మళ్ళీ బిగించి కట్టాడు. వీడియో చూసిన రోజు వాడి మొహంలో నెత్తురు లేనిది సిగ్గువల్ల కాదని, భయంవల్లనని నాకు తెలిసింది అప్పుడే. వాడి చెవుల పైన ఖాళీ చూస్తే నాకు బాధేసింది.

“అమ్మా” అన్నాడు తాడు చూపిస్తూ. “ఇది చేతిలో పట్టుకో. వదలకు.”

ఆవిడ తాడు వంక చూసింది, కొడుకు వంక చూసింది. చెప్పులు విప్పి డిక్కీలోకి ఎక్కి పడుకుంది. వాడు టార్చిలైటు అందించాడు. మూత రెండు చేతులతో, చప్పుడు కాకుండా వేశాడు. వేసి నా వైపు చెయ్యి చాచాడు. పైపు ఇచ్చేశాను.

వాడు కుళాయి తిప్పాడు గానీ నీళ్ళు కారు మీద పొయ్యలేదు. నేల మీద పారుతున్నాయి. మూత మీద వంగి, “అమ్మా, ఉన్నావా?” అన్నాడు.

మూతకి చెవి ఆనించాడు.

“అమ్మా. ఉన్నావా?”

“ఉన్నానురా” అంది లోపలినుంచి. “నీళ్ళు పొయ్యి.”

కింది నుంచి మొదలుపెట్టి, నెమ్మదిగా పోశాడు.